స్టీమ్ డెక్‌కు ఏ సామాను కొనాలి, సాఫ్ట్‌వేర్ ఎలా వేసుకోవాలి

నమస్కారం. ఇదిగో, నా చేతిలో ఉన్నది స్టీమ్ డెక్, చేత్తో పట్టుకుని కంప్యూటర్ ఆటలు ఆడుకునే యంత్రం. స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణం నడిపే వాల్వ్ సంస్థ 2022 ఫిబ్రవరిలో విడుదల చేసిన మొదటి రకం, ఎల్‌సీడీ తెర ఉన్నది. బల్ల మీద ఉన్న రెండోది మా తమ్ముడిది. 2023 నవంబరులో వచ్చిన ఓఎల్ఈడీ రకం. వాల్వ్ దీన్ని మన దేశంలో నేరుగా అమ్మడం లేదు. అమెరికా నుంచి వచ్చే అక్కయ్యో బావగారో సూట్‌కేసులో పెట్టి తెస్తే వచ్చినదే, లేదా దిగుమతి చేసి అమ్మేవారి దగ్గర ఎక్కువ ధర పెట్టి కొన్నదే. చెడిపోతే బాగు చేయించడం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. అలా తెచ్చుకున్న యంత్రానికి తప్పు చార్జరూ నకిలీ కార్డూ తగిలిస్తుంటే చూడలేక ఈ వీడియో చేస్తున్నాను.

ముందుగా ఒక్క మాట. ఇది ఆటబొమ్మ కాదు, పూర్తి స్థాయి కంప్యూటర్. ఇందులో నడిచేది స్టీమ్ ఓఎస్, అంటే విండోస్‌కు బదులుగా వాడే లినక్స్‌లో ఒక రకమైన ఆర్చ్ లినక్స్ మీద కట్టిన వ్యవస్థ. కాబట్టి ఏ సామాను కొన్నా పెట్టె మీది పెద్ద అక్షరాలను నమ్మకండి. వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉన్న అంకెలు చూడండి.

చార్జరుతో మొదలుపెడదాం. దీనితో పాటు వచ్చే చార్జరు 45 వాట్లది. అమెరికాలో కొన్నదైతే పిన్నులు బల్లపరుపుగా ఉంటాయి, మన గోడ సాకెట్లో పట్టవు. మార్పిడి ప్లగ్గు ఒకటి కొనుక్కుంటే చాలు, ట్రాన్స్‌ఫార్మర్ అక్కరలేదు. చార్జరు మీద 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంటుంది, మన కరెంటుకు సరిపోతుంది.

ఇంట్లో ఫోను చార్జరు ఉందిగా, దాని మీద 80 వాట్లు అని ఉందిగా, అది పెడితే ఇంకా వేగంగా ఎక్కదా అని చాలామంది అడుగుతారు. ఎక్కకపోవచ్చు. కొన్ని ఫోన్ల వేగపు చార్జింగు ఆ ఫోనుకూ ఆ చార్జరుకూ మాత్రమే తెలిసిన సొంత భాషలో నడుస్తుంది. డెక్‌కు ఆ భాష రాదు. దీనికి వచ్చినది యూఎస్‌బీ పవర్ డెలివరీ, పొట్టిగా పీడీ. చార్జరు తిరగేసి చూడండి. పీడీ అని ఉండాలి, దాని పక్కన 15 వోల్టులు, 3 ఆంపియర్లు అనే జంట కనిపించాలి. 15ను 3తో గుణిస్తే 45. ఆ జంట లేకపోతే 80 వాట్ల చార్జరైనా డెక్‌కు తక్కువే ఇస్తుంది. ఆట ఆడుతుండగా బ్యాటరీ ఎక్కడం మాని నెమ్మదిగా తరిగిపోతూ ఉంటుంది. కేబులుకు రెండు చివరలా టైప్-సీ ఉండాలి. ఒక చివర పాత వెడల్పాటి యూఎస్‌బీ ఉంటే పీడీ పనిచేయదు.

పవర్ బ్యాంకుకూ ఇదే లెక్క: 45 వాట్ల పీడీ ఇవ్వాలి. 20,000 ఎంఏహెచ్ అంటే 3.7 వోల్టుల మీద 74 వాట్-అవర్లు (బ్యాటరీలో పట్టే శక్తికి కొలత). నా డెక్ బ్యాటరీ 40, తమ్ముడిది 50 వాట్-అవర్లు. మధ్యలో వేడిగా పోయేది తీసేస్తే ఒక పూర్తి చార్జింగూ, పైన మరికొంతా వస్తాయి. విమానంలో 100 వాట్-అవర్ల వరకు చేతిసంచిలో అనుమతిస్తారు, చెక్-ఇన్ లగేజీలో వేయకూడదు. కాబట్టి 20,000 దాటి పెద్దది కొనే ముందు ఈ లెక్క వేసుకోండి.

ఇప్పుడు మెమరీ కార్డు. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే నేను దెబ్బ తిన్నది ఇక్కడే. 512 జీబీ మైక్రో ఎస్‌డీ కార్డు సగం ధరకు కనిపిస్తే కొనేశాను. డెక్‌లో పెట్టి ఫార్మాట్ చేయమన్నాను. చాలాసేపు తిరిగి తిరిగి కుదరలేదని చెప్పింది. మళ్లీ చేశాను, మళ్లీ అదే. డెక్‌లోని కార్డు అర చెడిపోయిందనుకున్నాను. రెండు రోజులు మనసు మనసులో లేదు. చివరికి ఆ కార్డును లినక్స్ లాప్‌టాప్‌లో పెట్టి ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాముతో పరీక్షించాను. తెర మీద చూడండి, అది ఎలా పనిచేస్తుందో చూపిస్తాను. మొదటి ఆదేశం ఎఫ్3రైట్. ఒక్కొక్కటి 1 జీబీ ఉండే ఫైళ్లు వరుసగా రాసుకుంటూ పోతుంది, కార్డు నిండేదాకా. ఫైళ్ల పేర్లు ఒకటి, రెండు, మూడు అని అంకెలే. తర్వాత ఎఫ్3రీడ్. రాసినదంతా తిరిగి చదివి, రాసినది రాసినట్టే ఉందా అని సరిచూస్తుంది. నా కార్డులో 58వ ఫైలు దాకా అంతా సవ్యం. 59 నుంచి అన్నీ పాడైనవే. అంటే అది 64 జీబీ కార్డు, 64 అని అమ్మే కార్డులో ఈ లెక్కన వాడుకునే చోటు 60 లోపే వస్తుంది. లోపలి చిప్పుకు 512 అని అబద్ధం చెప్పడం నేర్పి అమ్మారు.

అందుకే చెబుతున్నాను, డెక్ ఫార్మాట్ చేయనని మొరాయిస్తే ముందు కార్డును అనుమానించండి, యంత్రాన్ని కాదు. కొత్త కార్డు కొన్న రోజే, తిరిగి ఇచ్చే గడువు ఉండగానే ఈ పరీక్ష చేయండి. విండోస్ వాడేవారికి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ ఉంది, పని అదే.

కార్డు వేగం సంగతి. డెక్ అర యూహెచ్ఎస్-1 రకం. అది సెకనుకు దాదాపు 100 మెగాబైట్ల దగ్గర ఆగుతుంది. 200 అని, యూహెచ్ఎస్-2 అని రాసి ఉన్న ఖరీదైన కార్డులు కొన్నా డెక్‌లో అదనంగా ఒరిగేదేమీ లేదు. యూ3, ఏ2 గుర్తులున్న మంచి కంపెనీ కార్డు చాలు. ఒకసారి డెక్‌లో ఫార్మాట్ చేశాక కార్డు లినక్స్ ఫైళ్లు దాచుకునే ఎక్స్‌టీ4 పద్ధతిలోకి మారుతుంది. విండోస్ కంప్యూటర్‌లో పెడితే కనిపించదు, ఫార్మాట్ చేయమంటుంది. అక్కడ సరే అని నొక్కకండి, ఆటలన్నీ పోతాయి.

లోపలి ఎస్ఎస్‌డీ, అంటే ఆటలు దాచుకునే డ్రైవు, మార్చాలనుకునేవారు 2230 అనే కొలతది మాత్రమే కొనాలి. వెనక మూత తీసే ముందు మెమరీ కార్డు బయటికి తీయండి. దయచేసి ఇది మరిచిపోకండి. కార్డు లోపలే ఉంచి మూత లాగితే కార్డు మధ్యకు విరుగుతుంది. ఎల్‌సీడీ రకానికి ప్లస్ గుర్తు గాడి ఉన్న మామూలు స్టార్ స్క్రూలు, ఓఎల్ఈడీకి ఆరు కోణాల గుంట ఉన్న టార్క్స్ స్క్రూలు. అలవాటు లేకపోతే ఆ పని తెలిసినవారితో చేయించండి.

తెర మీద అంటించే గాజు కొనేటప్పుడు మీది ఏ రకమో చూసుకోండి. ఎల్‌సీడీ తెర 7 అంగుళాలు, ఓఎల్ఈడీ 7.4. ఒకదాని గాజు మరొకదానికి సరిగ్గా కూర్చోదు. ఖరీదైన మోడళ్లలో మెరుపు కొట్టని గరుకు గాజు కంపెనీయే వేసి ఇస్తుంది. దాని మీద మామూలు మెరిసే గాజు అంటిస్తే, ఎక్కువ డబ్బు పెట్టి కొన్న ఆ సుగుణం కాస్తా పోతుంది.

రబ్బరు తొడుగుల విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఈ యంత్రం వెనకనుంచి గాలి పీల్చి పైనుంచి వదులుతుంది. ఆ రెండు చోట్లా పూర్తిగా తెరిచి ఉన్న తొడుగు అయితేనే కొనండి. 2022 వేసవిలో యూరప్‌లో వడగాలులు వీచినప్పుడు వాల్వ్ ఒక సూచన చేసింది: చుట్టూ ఉన్న గాలి 0 నుంచి 35 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే డెక్ బాగా పనిచేస్తుంది, చిప్పు 100 డిగ్రీలు తాకితే వేగం తగ్గించుకుంటుంది, 105 తాకితే ఆగిపోతుంది. యూరప్ వాళ్లకు ఆ 35 వడగాలి లెక్క. రామగుండంలోనో విజయవాడలోనో మే నెలలో పొద్దున పది దాటితే అది మామూలు ఎండ. అందుకని మధ్యాహ్నం పూట మిద్దె మీది గదిలో పరుపు మీద పెట్టి ఆడకండి. పరుపు గాలిదారిని మూసేస్తుంది. బల్ల మీద స్టాండు, పైన ఫ్యాను ఉంటే చాలు.

టీవీకి తగిలించే డాక్ వాల్వ్‌దే కావాలని లేదు. హెచ్‌డీఎంఐ, పీడీ రెండూ ఉన్న మంచి టైప్-సీ హబ్ ఏదైనా పనిచేస్తుంది.

ఇక సాఫ్ట్‌వేర్. మామూలుగా డెక్ తెరవగానే ఆటల తెర వస్తుంది. స్టీమ్ బటన్ నొక్కి పవర్‌లోకి వెళ్లి 'స్విచ్ టు డెస్క్‌టాప్' ఎంచుకోండి. ఇదిగో, మామూలు కంప్యూటర్ తెర లాంటిదే, కేడీఈ ప్లాస్మా డెస్క్‌టాప్. కుడి ట్రాక్‌ప్యాడ్ మౌసులా పనిచేస్తుంది, కుడి ట్రిగ్గరు ఆర్2 క్లిక్కు, ఎడమ ట్రిగ్గరు ఎల్2 కుడి క్లిక్కు. అక్షరాలు కొట్టాలంటే స్టీమ్ బటన్‌ను పట్టుకుని ఎక్స్ నొక్కండి, కీబోర్డు పైకి వస్తుంది.

కింద నీలం సంచి బొమ్మ కనిపిస్తోందా? అది డిస్కవర్. ఫ్లాట్‌హబ్ అనే లినక్స్ ప్రోగ్రాముల ఆన్‌లైన్ భాండారం నుంచి ప్రోగ్రాములు తెచ్చి ఇచ్చే దుకాణం, అన్నీ ఉచితం. మీకు కావలసినవి దాదాపు అన్నీ ఇక్కడే దొరుకుతాయి: ఫైర్‌ఫాక్స్, వీఎల్‌సీ, లిబ్రే ఆఫీస్. లినక్స్‌కు కొత్తవారు వెబ్‌లో ఏదో చూసి, ఆర్చ్ లినక్స్‌లో ప్రోగ్రాములు వేసే ప్యాక్‌మన్ ఆదేశాలు కొడుతుంటారు. స్టీమ్ ఓఎస్‌లో వ్యవస్థ ఉన్న భాగానికి తాళం వేసి ఉంటుంది. ఆ తాళం తీసి వేసుకోవచ్చు, నిజమే. కానీ అప్‌డేట్ వచ్చినప్పుడు ఆ భాగం మొత్తం కొత్తదిగా మారిపోతుంది. మీరు వేసుకున్నది ఒడ్డున ఇసుకలో రాసిన రాతలా చెరిగిపోతుంది. ఫ్లాట్‌హబ్ నుంచి వేసుకున్నవి మీ సొంత భాగంలో ఉంటాయి, ఎన్ని అప్‌డేట్లు వచ్చినా వాటికి ఢోకా లేదు.

కొన్ని పనులకు పాస్‌వర్డు అడుగుతుంది. కొత్త డెక్‌లో పాస్‌వర్డు పెట్టి ఉండదు, మనమే పెట్టుకోవాలి. ఆదేశాలు కొట్టే కాన్సోల్ అనే ప్రోగ్రాము తెరిచి పాస్‌డబ్ల్యూడీ అనే ఆదేశం కొట్టి ఎంటర్ నొక్కండి. కొత్త పాస్‌వర్డు అడుగుతుంది. ఇప్పుడు జాగ్రత్తగా చూడండి. నేను అక్షరాలు కొడుతున్నాను, తెర మీద మాత్రం ఏమీ కనిపించడం లేదు. చుక్కలు లేవు, నక్షత్రాలు లేవు, కర్సర్ కూడా కదలడం లేదు. చాలామంది ఇక్కడే కీబోర్డు చెడిపోయిందనుకుని ఆపేస్తారు. చెడిపోలేదు, లినక్స్ పద్ధతే అది. ధైర్యంగా కొట్టి ఎంటర్ నొక్కండి, రెండోసారీ అదే కొట్టండి. అయిపోయింది. కాగితం మీద రాసి భద్రంగా దాచుకోండి.

స్టీమ్ లాంటివే అయిన ఎపిక్, గాగ్ దుకాణాల్లో ఆటలున్నవారు డిస్కవర్‌లో హీరోయిక్ గేమ్స్ లాంచర్ వెతికి వేసుకోండి. ఖాతాతో లోపలికి వెళ్లి ఆట దించాక, ఆట పేరు దగ్గరి మెనూలో స్టీమ్‌కు చేర్చే వరుస ఉంటుంది. అది నొక్కితే ఆ ఆట ఆటల తెరలోనే కనిపిస్తుంది.

విండోస్ కోసం రాసిన ఆటలు లినక్స్‌లో ఎలా ఆడుతున్నాయి? వాల్వ్ 2018లో తెచ్చిన ప్రోటాన్ వల్ల. ఆట విండోస్‌ను అడిగే ప్రతిదాన్నీ అది లినక్స్‌కు అర్థమయ్యేలా మార్చి చెబుతుంది. స్టీమ్ దుకాణంలో ఆట పేరు పక్కన ఆకుపచ్చ టిక్కు ఉంటే ఇబ్బంది లేకుండా ఆడుతుంది. పసుపు గుర్తు ఉంటే ఆడుతుంది, కానీ చిన్న చిన్న సర్దుబాట్లు కావాలి. గుర్తు ఏదీ లేకపోతే కొనే ముందు ప్రోటాన్‌డీబీ అనే వెబ్‌సైటులో ఆడినవారి అనుభవాలు చదవండి. ఏదైనా ఆట మొరాయిస్తే డిస్కవర్ నుంచి ప్రోటాన్‌అప్-క్యూటీ తెచ్చుకుని, దానితో జీఈ-ప్రోటాన్ అనే, ప్రోటాన్‌కే బయటివారు చేసిన మరో రూపం వేసి, ఆట ప్రాపర్టీస్‌లోని కంపాటిబిలిటీలో దాన్ని ఎంచుకోండి.

ఒక సంగతి మాత్రం కొనకముందే తెలుసుకోవాలి. వాలొరంట్, ఫోర్ట్‌నైట్, పబ్‌జీ స్టీమ్ ఓఎస్‌లో ఆడవు. ప్రోటాన్ చేతకానిది కాదు. మోసాలను పట్టే సాఫ్ట్‌వేర్‌ను ఆ ఆటల యజమానులు లినక్స్‌లో పనిచేయనివ్వరు. ఇంట్లో పిల్లలు ఈ మూడింటి కోసమే డెక్ అడుగుతుంటే, అమెరికాలో ఉన్న మామయ్యకు ఫోను చేసే ముందే ఈ మాట వాళ్లకు చెప్పండి. కౌంటర్-స్ట్రైక్ 2, డోటా 2 మాత్రం హాయిగా ఆడుతాయి, వాటికి లినక్స్ కోసమే చేసిన రూపం ఉంది.

డెస్క్‌టాప్ మీద 'రిటర్న్ టు గేమింగ్ మోడ్' బొమ్మను రెండుసార్లు నొక్కుతున్నాను. ఆటల తెర వచ్చింది. ఆట తెరిచాను. ఇప్పుడు కుడివైపు మూడు చుక్కల బటన్ నొక్కి బ్యాటరీ బొమ్మ దగ్గరికి వెళ్దాం. ఇక్కడ ఫ్రేముల పరిమితి ఉంది, అంటే సెకనుకు ఎన్ని బొమ్మలు చూపాలో. నా డెక్‌లో దీన్ని 40 మీద పెడతాను. 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు, 30 అయితే 33.3. 40 అయితే 25, సరిగ్గా ఆ రెండింటి నడుమ. అంకెల్లో 30కి దగ్గరగా కనిపిస్తుంది కానీ కంటికి 60కీ 30కీ సగం దారిలో ఉంటుంది. ఓఎల్ఈడీ తెర 90 హెర్ట్జ్‌ది, అంటే సెకనుకు 90 సార్లు మారేది, కాబట్టి తమ్ముడు అందులో సగం, 45 పెట్టుకుంటాడు.

పైన మూలన అంకెలు చూడండి. ఇందాక బ్యాటరీ నుంచి 22 వాట్లు లాగుతోంది, ఇప్పుడు 16కు దిగింది. 40 వాట్-అవర్ల బ్యాటరీ మీద రెండు గంటలు కూడా రానిది రెండున్నర గంటలకు వచ్చింది. ఫ్యాను చప్పుడు కూడా తగ్గింది, మైకు దగ్గర పెడతాను, వినండి.