ఈ చిన్న డ్యాక్ నిజంగా బాగుందా, లేక సౌండ్ ఎక్కువ వస్తోందా?

నమస్తే అండి. నా చేతిలో ఉన్నది వేలెడంత యూఎస్‌బీ డ్యాక్. ఒక చివర ఫోన్‌కి పెట్టే టైప్-సి పిన్, ఇంకో చివర ఇయర్‌ఫోన్స్ పెట్టుకునే 3.5 మిల్లీమీటర్ల జాక్. ఫోన్ పంపే డిజిటల్ డేటాని అనలాగ్ సిగ్నల్‌గా మార్చి, ఇయర్‌ఫోన్స్‌ని నడిపించేంత బలం ఇవ్వడం దీని పని. మూడు వారాల నుంచి రోజూ దీంతోనే పాటలు వింటున్నాను. బ్రాండ్ పేరు చెప్పడం లేదండి, ఎందుకంటే ఈరోజు చెప్పేది ఈ రకం డాంగిల్స్ ఏవి కొన్నా పనికొస్తుంది.

మొదటి రోజు పెట్టగానే ఒళ్ళు పులకరించింది. ఇదివరకు ఇదే పనికి వాడిన పాత అడాప్టర్ కంటే గొంతు దగ్గరగా వినిపించింది, బేస్ నిండుగా ఉంది, వయొలిన్ తీగ మీద కమాను రాపిడి కూడా తెలిసింది. ఆ సాయంత్రమే వీడియో తీసి ఉంటే, వెంటనే కొనేయండి అని చెప్పేసేవాణ్ణి. తీయకపోవడమే మంచిదైంది.

మర్నాడు మల్టీమీటర్ తీశాను. ఇయర్‌ఫోన్స్ తగిలించే ఉంచి, 60 హెర్ట్జ్ టోన్ ప్లే చేసి రెండింటి అవుట్‌పుట్ కొలిచాను. మామూలు మల్టీమీటర్లు తక్కువ ఫ్రీక్వెన్సీలోనే సరిగ్గా చూపిస్తాయి, అందుకే 60. ఫోన్‌లో వాల్యూమ్ కదపలేదు. అయినా పాత అడాప్టర్ 0.20 వోల్టులు, కొత్తది 0.25. అంటే దాదాపు 2 డెసిబెల్స్ తేడా. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఇంత కొద్ది తేడా వచ్చినప్పుడు సౌండ్ పెరిగిందని మనకి తట్టదు. క్వాలిటీ పెరిగిందనిపిస్తుంది. ఈ ఒక్క కొలత తీసుకోకుండా చెప్పే ఏ పోలికనీ, నాదైనా సరే, నమ్మకండి.

ఫోన్ వాల్యూమ్ బటన్‌తో రెండింటినీ సమానం చేయడం కుదరదు, ఒక్కో స్టెప్ మరీ పెద్దది. అందుకే ప్లేయర్ యాప్‌లో ప్రీయాంప్ (సౌండ్ స్థాయిని సన్నగా సర్దే సెట్టింగ్) తగ్గించి రెండింటినీ ఒకే వోల్టేజ్‌కి తెచ్చాను. తర్వాత మా తమ్ముడు నా వెనక కూర్చుని కేబుల్ మారుస్తుంటే, ఏది ఏదో నేను చెప్పాలి. 16 సార్లలో 9 సార్లు సరిగ్గా చెప్పాను. బొమ్మా బొరుసూ వేసినా దాదాపు అంతే వస్తుంది. కనీసం 12 వస్తేనే నిజంగా తేడా వినబడుతోందని కాస్త నమ్మొచ్చు, ఎందుకంటే ఊరికే ఊహించి 12 కానీ అంతకంటే ఎక్కువ కానీ తెచ్చుకునే అవకాశం 4 శాతం లోపే.

ఇదంతా 32 ఓముల ఇంపెడెన్స్ (కరెంటుకి ఎదురయ్యే అడ్డు) ఉన్న, ఒక్కో చెవికి ఒకే బుల్లి స్పీకర్, అంటే మామూలు సింగిల్ డ్రైవర్ ఇయర్‌ఫోన్స్‌తో. బాలెన్స్‌డ్ ఆర్మేచర్ డ్రైవర్లు చాలా ఉన్న ఇంకో జత పెట్టి మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి 16కి 14! కారణం అవుట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే సిగ్నల్ పంపే అడాప్టర్ లోపలే ఉండే అడ్డు. పాత అడాప్టర్‌ది కొలిస్తే సుమారు 10 ఓములు వచ్చింది, కొత్తదానిది 1 ఓము. ఇలాంటి ఇయర్‌ఫోన్స్ ఇంపెడెన్స్ ఫ్రీక్వెన్సీని బట్టి బాగా మారుతుంది. ఒక చోట 40 ఓములు, ఇంకో చోట 8 ఉందనుకోండి. 10 ఓముల సోర్స్‌కి తగిలిస్తే ఆ రెండు చోట్ల మధ్య 5 డెసిబెల్స్ తేడా పడుతుంది, ఒకరు ఈక్వలైజర్ తిప్పేసినట్టే. 1 ఓము సోర్స్‌తో అదే తేడా 0.8 డెసిబెల్స్. డబ్బా మీద 32 బిట్, 384 కిలోహెర్ట్జ్ అని పెద్ద అక్షరాల్లో వేస్తారు కానీ, మనకి కావలసిన ఈ అంకె మాత్రం వెతుక్కోవాలి.

కిలోహెర్ట్జ్ అంటే గుర్తొచ్చింది. దీని మీద చిన్న లైట్ ఉంది, 44.1 కిలోహెర్ట్జ్ (సెకనుకి 44,100 శాంపిల్స్, అంటే శబ్దపు కొలతలు) పాటకి ఆకుపచ్చ, 48కి నీలం. నా ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఏ పాట పెట్టినా నీలమే! ఫోన్ అన్ని శబ్దాల్నీ కలిపి 48కి మార్చి పంపుతోంది. ఆండ్రాయిడ్ 14 నుంచి మార్చకుండా పంపే వీలుంది, కానీ ఫోన్, యాప్ రెండూ దానికి సపోర్ట్ చేయాలి. ఈ మార్పిడి వల్ల నాకైతే ఏ తేడా వినబడలేదు, దీని గురించి టెన్షన్ వద్దు. అసలు 44,100 అనే వింత అంకె ఎక్కడిదో తెలుసా? సీడీలకి ముందు డిజిటల్ ఆడియోని వీడియో టేపు మీద రికార్డ్ చేసేవారు. సెకనుకి 60 ఫీల్డులు (వీడియోలో సగం ఫ్రేములు), ఒక్కో ఫీల్డులో వాడుకునే లైన్లు 245, లైనుకి 3 శాంపిల్స్. గుణించి చూడండి, సరిగ్గా 44,100. సెకనుకి 50 ఫీల్డులుండే టీవీ పద్ధతిలో 294 లైన్లు వాడితే మళ్ళీ అదే అంకె. 1982లో సీడీ మార్కెట్లోకి వచ్చింది ఈ అంకెతోనే. ఈ లెక్క మొదటిసారి వేసుకున్న రోజు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఇక లోపాలు. పాట ఆగి కొన్ని సెకన్లు నిశ్శబ్దంగా ఉంటే ఇది నిద్రపోతుంది. మళ్ళీ ప్లే నొక్కితే ఒక క్లిక్ వచ్చి, పాటలో మొదటి అక్షరం మింగేస్తుంది. నాకు బాగా చిరాకు తెప్పించింది ఇదే. 300 ఓముల పెద్ద హెడ్‌ఫోన్స్ ఉన్నవాళ్ళకి దీని బలం చాలదు. ఫుల్ వాల్యూమ్‌లో 1 వోల్ట్ ఇస్తుంది, అంటే వాటికి అందేది 3 మిల్లీవాట్ల పైచిలుకే.

మల్టీ డ్రైవర్ ఇయర్‌ఫోన్స్‌కి దీన్నే ఉంచుకుంటున్నాను. 32 ఓముల వాటికి మాత్రం పాత అడాప్టరే మళ్ళీ పెట్టేశాను, వాల్యూమ్ ఒక స్టెప్ పెంచి.