సిటీ కౌన్సిల్ బిల్లు: రోడ్డు వేసినా మనకే, గడ్డి కోసినా మనకే

రవి: అందరికీ నమస్కారం. అమెరికాలో ఇల్లు కొన్నవాళ్లకి ప్రాపర్టీ ట్యాక్స్ సంగతి తెలుసు, హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) సంగతీ తెలుసు. ఆ రెండూ కాకుండా అప్పుడప్పుడూ సిటీ హాల్ నుంచి ఇంకో ఉత్తరం వస్తుంది. మీ వీధి బాగుచేస్తున్నాం, మీ వాటా ఇన్ని వేల డాలర్లు, ఫలానా తేదీన హియరింగ్, అంటే కౌన్సిల్ ముందు విచారణ, అని. ఈ ఎపిసోడ్ ఆ ఉత్తరం గురించే. సుజాతక్క చాలా ఏళ్లు ఒక సిటీ పబ్లిక్ వర్క్స్ విభాగంలో ఇంజనీరుగా చేశారు. ఈ లెక్కలు వేసిన చేతులు అవే. అక్కా, రండి.

సుజాత: వేసిన చేతులు అని చెప్పకు, తిట్లన్నీ నాకే వస్తాయి.

రవి: (నవ్వు) మొదటి ప్రశ్నే తిట్టులాంటిది అక్కా. ట్యాక్స్ కడుతూనే ఉన్నాం కదా, రోడ్డుకి మళ్లీ వేరే డబ్బులేంటి?

సుజాత: అందరూ అడిగేదే. ట్యాక్స్ ఊరంతటికీ. దాంతో పోలీసులు, ఫైర్ ఇంజన్, పార్కులు నడుస్తాయి. నీ ఇంటి ముందు పేవ్‌మెంట్ కొత్తగా వేస్తే, సీవర్ లైన్ మారిస్తే, దానివల్ల నీ స్థలం విలువ పెరుగుతుందని సిటీ అంటుంది. లాభం నీకు ప్రత్యేకంగా వస్తోంది కాబట్టి ఖర్చులో వాటా నువ్వు పెట్టుకోవాలి. దీన్నే స్పెషల్ అసెస్‌మెంట్ అంటారు. అందుకే ప్రాపర్టీ ట్యాక్స్ కట్టక్కర్లేని చర్చిలకి కూడా ఈ బిల్లు వెళుతుంది.

రవి: చర్చి కూడా కడుతుందా?

సుజాత: కడుతుంది. సెయింట్ పాల్‌లో పెద్ద గొడవే అయింది. అక్కడ రోడ్ల నిర్వహణకని ఏటా ఒక ఛార్జీ వసూలు చేసేవాళ్లు. డౌన్‌టౌన్ చర్చిలు కోర్టుకెక్కాయి. ఊరందరికీ పనికొచ్చే పనికి డబ్బులు తీసుకుంటూ దానికి ఫీజు అని పేరు పెట్టారు, ఇది నిజానికి ట్యాక్సే అని 2016లో మిన్నెసోటా సుప్రీంకోర్టు తేల్చింది. ట్యాక్స్ అయితే దాని రాజ్యాంగ నియమాలు పాటించాలి, చర్చికైనా ఇంకెవరికైనా వచ్చిన లాభాన్ని మించి వెయ్యకూడదు. ఆ తీర్పు రాగానే చాలా సిటీల్లో టెన్షన్ మొదలైంది.

రవి: వాటా ఎలా లెక్క కడతారు? ఇంటికింత అనా?

సుజాత: ఇంటికింత అనీ ఉంటుంది. పాత పద్ధతేమో అడుగుల లెక్క. నీ స్థలం రోడ్డుకి ఎన్ని అడుగులు ఆనుకుని ఉందో చూసి అడుక్కింత వేస్తారు. ఈ లెక్కలో మూల స్థలం వాడి పని అయిపోయినట్టే. రెండు వైపులా రోడ్డే కదా, ఇవాళ ఈ వీధికి కడతాడు, ఇంకో నాలుగేళ్లకి ఆ వీధికి. కొన్ని సిటీలు రెండో వైపు కొంత తగ్గిస్తాయి, కొన్ని తగ్గించవు. మనవాళ్లు ఈశాన్యం మూల ప్లాట్ అని మురిసిపోయి కొంటారు, అందుకని చెబుతున్నా.

రవి: వాస్తు చూస్తారు కానీ అసెస్‌మెంట్ పాలసీ ఎవరు చూస్తారక్కా!

సుజాత: సిటీ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది, చూడాలి మరి. సరే, ఇందులో కోర్టులు గీసిన గీత ఒకటుంది. అది ఒహాయోలో నార్‌వుడ్ అనే చిన్న ఊరి నుంచి వచ్చింది. ఒకావిడ భూమి మధ్యలోంచి వీధి పొడిగించాలనుకున్నారు. 300 అడుగుల పొడవు, 50 అడుగుల వెడల్పు ముక్క తీసుకున్నారు. నష్టపరిహారం 2,000 డాలర్లని జ్యూరీ చెప్పింది, ఇచ్చారు. ఆ తర్వాత అదే వీధి వల్ల మీకు లాభం కదా అంటూ ఆ 2,000 డాలర్లు, దాంతోపాటు భూసేకరణకైన కోర్టు ఖర్చులు, అన్నీ కలిపి ఆవిడకే అసెస్‌మెంట్ వేశారు.

రవి: అంటే భూమీ పోయింది, ఇచ్చిన డబ్బూ తిరిగి తీసుకున్నారు, పైన కోర్టు ఖర్చులు!

సుజాత: అవును. ఆవిడ వదల్లేదు. కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1898లో తీర్పొచ్చింది. వసూలు చేసేది వచ్చిన లాభాన్ని బాగా మించిపోతే, ఆ మించినంత మేరా పరిహారం లేకుండా ఆస్తి లాక్కున్నట్టే అన్నారు. మూడేళ్లకి, 1901లో కాన్సాస్ సిటీ కేసులో అదే కోర్టు అడుగుల లెక్క దానంతటది తప్పేమీ కాదంది. కాబట్టి అడుగుల లెక్క అన్యాయం అని వాదిస్తే సామాన్యంగా పని జరగదు. నా ఇంటి విలువ మీరు వేసినంత పెరగలేదు అని వాదించాలి.

రవి: అది నేనెలా నిరూపిస్తాను?

సుజాత: అప్రైజర్‌తో. అంటే ఆస్తి విలువ కట్టే నిపుణుడితో. పని జరగకముందు విలువెంత, తర్వాత విలువెంత. మిన్నెసోటాలో సూత్రం సూటిగా ఉంటుంది: అసెస్‌మెంట్ మార్కెట్ విలువలో పెరుగుదలను దాటకూడదు. సిటీ దగ్గర కూడా అప్రైజర్ రిపోర్టు ఉండచ్చు. అక్కడ కాగితానికి కాగితమే సమాధానం. మైకు పట్టుకుని కౌన్సిల్ మీద అరిస్తే మనసు తేలికపడుతుంది, బిల్లు మాత్రం తగ్గదు.

రవి: హియరింగ్‌కి వెళ్లి మాట్లాడితే చాలదా?

సుజాత: చాలదు! ఇది మాత్రం శ్రద్ధగా వినండి. మిన్నెసోటాలో అభ్యంతరం రాతపూర్వకంగా, సంతకం పెట్టి, హియరింగ్‌కి ముందే సిటీ క్లర్క్‌కి ఇవ్వాలి, లేదా హియరింగ్‌లోనే ఇవ్వాలి. నోటితో చెబితే రికార్డులో పడుతుంది కానీ, కోర్టుకెళ్లే హక్కు సాధారణంగా రాదు. కౌన్సిల్ ఆమోదించాక జిల్లా కోర్టులో అప్పీలుకి 30 రోజులే. గంటసేపు బ్రహ్మాండంగా మాట్లాడి, కాగితం ఇవ్వకుండా ఇంటికెళ్లినవాళ్లను చూశాను. నేను బల్లకి ఇవతల కూర్చున్నదాన్ని, వెళ్లి చెప్పలేను కదా.

రవి: చెప్పచ్చు కదక్కా!

సుజాత: నోటీసులో రాసే ఉంటుంది నాయనా. రెండో పేజీలో, చిన్న అక్షరాల్లో. పెద్ద అక్షరాల్లో మొదటి పేజీలో వెయ్యమని ఎన్నిసార్లన్నా ఎవరూ వినలేదు. అది మాత్రం సిటీల తప్పే.

రవి: మిగతా రాష్ట్రాల్లో?

సుజాత: రాష్ట్రానికో చట్టం. కాలిఫోర్నియాలో 1996లో ప్రాపోజిషన్ 218 వచ్చింది, అంటే ప్రజలు ఓటేసి తెచ్చుకున్న నియమం. అక్కడ హియరింగ్‌కి కనీసం 45 రోజుల ముందు యజమానులకి నోటీసుతో పాటు బ్యాలెట్ పంపాలి. ఎవరు ఎంత కట్టాల్సి వస్తుందో ఓటు బరువు అంత. వ్యతిరేకం ఎక్కువైతే అసెస్‌మెంట్ లేదు. యజమాని చేతికి అంత బలం అన్నిచోట్లా లేదు.

రవి: ఒకేసారి కట్టాలా, వాయిదాలా?

సుజాత: సాధారణంగా రెండూ ఉంటాయి. మిన్నెసోటాలో ఆమోదం రోజు నుంచి 30 రోజుల్లో మొత్తం కట్టేస్తే వడ్డీ ఉండదు. లేకపోతే వాయిదాలు ప్రాపర్టీ ట్యాక్స్‌తో కలిసి వస్తాయి, వడ్డీతో. మార్ట్‌గేజ్‌లో ఎస్క్రో, అంటే ట్యాక్స్ డబ్బు కూడా నెలనెలా బ్యాంకే తీసుకుని కట్టే ఏర్పాటు, ఉంటే నెలవారీ కట్టేది ఉన్నట్టుండి పెరుగుతుంది, బ్యాంకు పెంచిందని బ్యాంకుని తిడతారు. 65 ఏళ్లు దాటినవాళ్లకి వాయిదా వేసుకునే వీలుని అక్కడ సిటీలు ఇవ్వచ్చు, కానీ అడగాలి. ఇంకోటి, ఇన్‌కమ్ ట్యాక్స్‌లో దీన్ని ప్రాపర్టీ ట్యాక్స్‌లా తగ్గించుకోకండి. కొత్త పనికైతే అది ఇంటి ఖరీదుకి కలుస్తుంది, అమ్మినప్పుడు పనికొస్తుంది. మరమ్మతు భాగం, వడ్డీ భాగం వేరుగా చూపిస్తే వాటి సంగతి వేరు.

రవి: సరే, ఇప్పుడు రెండో రకం. తప్పు చేసినందుకు వేసేవి.

సుజాత: ఇందులోనూ రెండున్నాయి, కలపకూడదు. మొదటిది సిటీ నీ పని చేసిపెట్టి ఆ ఖర్చు నీకు వెయ్యడం. మినియాపోలిస్‌లో మంచు ఆగాక 24 గంటల్లో ఇంటివాళ్లు కాలిబాట శుభ్రం చెయ్యాలి. అపార్ట్‌మెంట్లకి, దుకాణాలకి పగటివేళ నాలుగు గంటలే. చెయ్యకపోతే సిటీ మనిషి వచ్చి చేస్తాడు, బిల్లు నీ ట్యాక్స్ మీదకి ఎక్కుతుంది. గడ్డి పెరిగినా, పెరట్లో చెత్త పోగేసినా దాదాపు ఇంతే. నాకు దీంతో పెద్ద పేచీ లేదు. పని జరిగింది, ఖర్చయింది.

రవి: రెండోదానితో పేచీ ఉందన్నమాట.

సుజాత: ఉంది. రోజువారీ జరిమానా. ఫ్లోరిడాలో లాంటానా అనే ఊళ్లో ఒకావిడ ఇంటి డ్రైవ్‌వేలో కార్లు పెట్టుకుంటే చక్రాలు కాస్త గడ్డి మీదకి వెళ్లాయి. అది తప్పన్నారు, రోజుకి 250 డాలర్లు. 407 రోజులు నడిచింది. 1,01,750 డాలర్లు! దానికి తోడు డ్రైవ్‌వేలో పగుళ్లకి, తుపానుకి పడిపోయిన కంచెకి వేరే. అన్నీ కలిపి 1,65,000 దాటింది. ఇక్కడ సిటీకి ఏం ఖర్చయింది? ఏమీ లేదు. మీటరు తిరిగింది, అంతే. ఇలాంటివాటిని నేను ఏ రకంగానూ సమర్థించను.

రవి: కోర్టులు ఊరుకుంటాయా?

సుజాత: 2019లో ఇండియానా నుంచి వచ్చిన టింబ్స్ కేసులో సుప్రీంకోర్టు ఒక మాట తేల్చింది. అతి జరిమానాలు వద్దనే రాజ్యాంగ నియమం రాష్ట్రాలకీ వర్తిస్తుంది, అంటే వాటి కింద ఉండే సిటీలకి కూడా. కానీ ఎంతైతే అతి అన్నది కేసుని బట్టే. ఆశ పెట్టుకోవచ్చు, దాని మీదే ఆధారపడకూడదు. నోటీసు రాగానే తప్పు సరిచేసి, సరిచేశాను, వచ్చి చూడండి అని రాతపూర్వకంగా ఇన్‌స్పెక్టర్ని పిలవాలి. చాలా ఊళ్లలో ఆయన వచ్చి చూసి రాసేదాకా మీటరు ఆగదు. కంచె ఎప్పుడో బాగుచేశాను అంటే కుదరదు.

రవి: కట్టకపోతే ఏమవుతుంది? నేను ఇండియా వెళ్లిపోయాననుకోండి.

సుజాత: నువ్వు వెళ్తావు, భూమి వెళ్లదుగా. లీన్, అంటే బాకీ తీరేదాకా ఆస్తి మీద ఉండే హక్కు, దాని మీదే ఉంటుంది. ఇక్కడ హెన్నెపిన్ కౌంటీ కేసు చెప్పాలి, కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. 94 ఏళ్ల ఆవిడ, మినియాపోలిస్‌లో కాండో, అంటే సొంత ఫ్లాట్. ట్యాక్స్ బాకీ 2,300 డాలర్లు, వడ్డీలు, పెనాల్టీలు ఇంకో 13,000. కౌంటీ దాన్ని తీసుకుని 40,000కి అమ్మింది. బాకీ పోగా మిగిలిన 25,000 కూడా తనే ఉంచేసుకుంది. 2023లో సుప్రీంకోర్టు తొమ్మిదిమందీ ఒకే మాటగా, మిగిలింది ఆవిడదే, ఉంచుకోవడానికి వీల్లేదన్నారు. అయినా ఇల్లు పోయిందన్నది పోయిందే. అసెస్‌మెంట్లు ట్యాక్స్ బిల్లులో చేరాక అదే దారిలో వెళ్తాయి.

రవి: ఇల్లు కొనేవాళ్లు ఏం చూడాలి?

సుజాత: లెవీ అయినవి, అంటే కౌన్సిల్ ఆమోదించి వేసేసినవి, ఆస్తి హక్కుల రికార్డులు వెతికే టైటిల్ సర్చ్‌లో దొరుకుతాయి. పెండింగ్‌లో ఉన్నవే ముంచుతాయి. వచ్చే ఏడాది ఆ వీధి పని ఉందని కౌన్సిల్ తీర్మానం చేసి ఉంటుంది, బిల్లు ఇంకా పుట్టి ఉండదు. సిటీకి ఫోన్ చేసి ఈ అడ్రసు మీద పెండింగ్ అసెస్‌మెంట్ ఉందా అని అడగండి. ఉంటే ఎవరు కట్టాలో కొనుగోలు ఒప్పందంలోనే రాయించుకోండి.

రవి: ఒక శ్రోత ప్రశ్న, ఆఖరిది. ఇల్లు అద్దెకిచ్చారు, గడ్డి కొయ్యాల్సింది అద్దెకున్నవాళ్లే అని లీజులో ఉంది. వాళ్లు కొయ్యలేదు. బిల్లు తనకెందుకు అంటున్నారు.

సుజాత: సిటీ లీజు చూడదు, కౌంటీ రికార్డులో యజమాని పేరు చూస్తుంది. ముందు బిల్లు ఆయన కట్టి, లీజు ప్రకారం అద్దెకున్నవాళ్ల దగ్గర రాబట్టుకోవాలి. నోటీసు కూడా రాలేదన్నారా?

రవి: అవును, బిల్లే మొదటిసారి చూశారట.

సుజాత: అయితే నోటీసు కౌంటీ రికార్డులో ఉన్న పాత అడ్రసుకి వెళ్లి ఉంటుంది. పోస్టాఫీసులో అడ్రసు మార్చుకుంటే అది మారదు. అడ్రసు మార్పు ఫారం కౌంటీకి వేరేగా ఇవ్వాలి.