బ్యాగు ఎత్తితే పట్టేసిన నడుం, ప్రభ ఎత్తబోయే భుజం

నమస్తే అండీ. ఈ వీడియో మొదట్లో నేను మంచం పట్టుకుని లేవడం కనిపిస్తుంది, కంగారు పడకండి. నడుం పట్టేసింది. పట్టేసింది కూడా ఎక్కడో కాదు, మా సొంత ఇంటి గుమ్మం ముందు.

అయోవాలో డెమోయిన్‌లో బయల్దేరి, విమానాలు మారుతూ రాజమండ్రి మధురపూడిలో దిగేసరికి 30 గంటలు దాటింది. అక్కణ్ణించి కారు. జొన్నాడ వంతెన మీద గౌతమి దాటాం, రావులపాలెం, కొత్తపేట మీదుగా కోనసీమలో మా ఊరు గంగలకుర్రు. కారు ఆగిందో లేదో అమ్మ వీధి గుమ్మంలోకి వచ్చేసింది. ఆ సంబరంలో డిక్కీ తెరిచి, 23 కిలోల సూట్‌కేసుని ఒక్క చేత్తో పట్టుకుని, నడుం పక్కకి తిప్పి లాగాను. ఎడమవైపు కింద ఎవరో మోకు బిగించినట్టయింది. ఇక వంగలేను, నిలబడలేను.

నిజానికి జిమ్ములో నేను 40 కిలోలు ఎత్తుతాను. కాబట్టి తప్పు బరువుది కాదు. అన్ని గంటలు గూని పెట్టి కూర్చుంటే వెన్నుపూసల్ని కట్టి ఉంచే పట్టీలు సాగి కాసేపు వదులుగా ఉంటాయి. వాటిని కాచుకోవాల్సిన కండరాలు ఇంకా మేలుకోవు. దిగగానే ఓ పది నిమిషాలు వీధిలో అటూ ఇటూ తిరిగి, రెండు చేతులతో ఒంటికి దగ్గరగా పట్టుకుని, పాదాలతో సహా తిరిగి ఉంటే బహుశా ఈ వీడియో పూతరేకుల మీద అయ్యుండేది. ఊరికి వచ్చే మనవాళ్ళందరికీ నేను గట్టిగా చెప్పేది ఇదే: కారు దిగగానే సామాను జోలికి పోకండి, ముందు నడవండి.

అమ్మ తన వైద్యం సిద్ధం చేసేసింది. "పక్కింటి కుర్రాడు ఎదురుకాళ్ళతో పుట్టాడే. వాడిచేత మూడుసార్లు నడుం తన్నిస్తే పోద్ది" అంది. మన వైపు పుట్టిపెరిగిన వాళ్ళందరికీ తెలిసిన మాటే కదండీ ఇది. నా చిన్నప్పుడు నాన్నకి ఇలాగే తన్నించడం నేను చూశాను, రెండ్రోజుల్లో తగ్గిపోయింది కూడా. ఆ నమ్మకాన్ని నేను తీసిపారెయ్యను. కొత్తగా పట్టేసిన నడుం చాలామందికి కొద్ది రోజుల్లో, కొద్ది వారాల్లో తనంతట తనే సర్దుకుంటుంది. ఆ నాలుగు రోజుల్లో ఎవరో ఆప్యాయంగా చెయ్యో కాలో వేస్తే ధైర్యం వస్తుంది, బిగుసుకున్న కండరం కాస్త వదులుతుంది. కానీ అమ్మకిప్పుడు 72 ఏళ్ళు. ఆ వయసు ఆడవాళ్ళ ఎముకలు లోపల బోలుగా ఉండొచ్చు, అలాంటి నడుం మీద కాలు పడితే వెన్నుపూస నలిగిపోవచ్చు. అందుకే "నాకు వద్దమ్మా, నీకైతే అసలే వద్దు" అని చెయ్యి పట్టుకుని చెప్పాను.

కామెంట్లలో ఎప్పుడూ అడుగుతుంటారు కాబట్టి కైరోప్రాక్టిక్, అంటే చేతులతో వెన్నుపూసని నొక్కి, కదిలించి చేసే వైద్యం, దాని సంగతి ఇప్పుడు చెప్తాను. అది పుట్టింది మా అయోవాలోనే. డావెన్‌పోర్ట్ అని మిసిసిపీ ఒడ్డున ఊరు, మా ఇంటి నుంచి కారులో మూడు గంటలలోపే. 1895లో డేనియల్ డేవిడ్ పామర్ అనే ఆయన అక్కడ హార్వే లిలర్డ్ అనే కాపలా పనివాడి వెన్నుపూసని నొక్కి సరిచేశాననీ, అతనికి చెవుడు తగ్గిందనీ చెప్పుకున్నాడు. జబ్బులన్నీ వెన్నుపూస జరగడం వల్లే వస్తాయని ఆయన నమ్మాడు. ఆ సిద్ధాంతం నిలబడలేదు. చేతులతో కీలు కదిలించే నేర్పు మాత్రం మిగిలింది. అమెరికాలో దానికి ప్రత్యేకమైన డిగ్రీ, ప్రతి రాష్ట్రంలో లైసెన్సు ఉన్నాయి. ఆఖరున ఒప్పుకున్న రాష్ట్రం లూసియానా, 1974లో.

పోయిన చలికాలం మంచు తవ్వుతూ నడుం పట్టేస్తే నేనూ వెళ్ళాను. మొదట వెళ్ళిన చోట పడుకోబెట్టకముందే ఎక్స్‌రే అన్నారు, ఏడాదికి సరిపడా విజిట్లు ముందే డబ్బు కట్టి కొనుక్కోమన్నారు. లేచి వచ్చేశాను. రెండోచోట ఆవిడ అరగంటసేపు ప్రశ్నలే అడిగింది. పడ్డావా, జ్వరం ఉందా, కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా, మూత్రం ఆపుకోగలుగుతున్నావా? మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టి చూసింది, మడమల మీద నడిపించింది. ఆ తర్వాతే పక్కకి పడుకోబెట్టి ఒక్క తోపు తోసింది. టప్‌మంది. హాయిగా అనిపించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. "ఈ హాయి కొన్ని రోజులే. ఈ లోపల నువ్వు చెయ్యాల్సిన పని ఇదీ" అని మూడు వ్యాయామాలు నేర్పింది. నాలుగుసార్లు చూసి, ఇక రావక్కర్లేదంది. మంచి కైరోప్రాక్టర్‌ని నేను గుర్తుపట్టేది ఆ "రావక్కర్లేదు" అనే మాటతోనే. అమెరికా ఫిజీషియన్ల కాలేజీ అనే డాక్టర్ల సంఘం 2017లో ఇచ్చిన సూచనల్లో కూడా, కొత్తగా వచ్చిన నడుం నొప్పికి మాత్రల కంటే ముందు వేడి కాపడం, మర్దన, ఇలాంటి వెన్నుపూస చికిత్స చూడమన్నారు. నొప్పి పాతబడితే ముందు వరసలో ఉండేది వ్యాయామమే.

ఆ టప్‌మనే శబ్దం గురించి చాలామందికి అపోహ ఉంది. ఎముక జరిగి దాని చోట్లోకి వచ్చిన చప్పుడు కాదది. కీలు లోపల నూనెలాంటి ద్రవం ఉంటుంది. కీలు చటుక్కున విడదీస్తే ఆ ద్రవంలో ఖాళీ ఏర్పడి గాలి బుడగ పుడుతుంది. కెనడాలో ఆల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్ళు 2015లో వేళ్ళు విరుస్తుండగానే ఎంఆర్‌ఐ తీసి ఆ ఖాళీని చూపించారు. మెటికలు విరిస్తే కీళ్ళవాతం వస్తుందని మా బామ్మ తిట్టేది. డొనాల్డ్ అంగర్ అనే అమెరికా డాక్టరు 60 ఏళ్ళపాటు ఒక్క ఎడమచేతి మెటికలే విరుచుకుని, రెండు చేతులకీ తేడా లేదని చూపించాడు. చప్పుడు వస్తే బాగైనట్టూ కాదు, రాకపోతే చెడినట్టూ కాదు.

మన దేశంలో కైరోప్రాక్టర్‌కి లైసెన్సు ఇచ్చే చట్టం లేదు. వీడియోల్లో టపటపా విరిచేవాళ్ళని చూసి వెళ్ళేవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోండి. ఇక్కడ నేనైతే డిగ్రీ చదివిన ఫిజియోథెరపిస్టు దగ్గరికే వెళ్తాను. ఇంకోటి, క్షవరం అయ్యాక మంగలి షాపులో మెడ పట్టుకుని అటో విరుపు ఇటో విరుపు విరుస్తారు చూడండి, అది మా అన్నయ్యకి మహా ఇష్టం. ఈసారి బతిమాలి మాన్పించాను. మెదడుకి రక్తం తీసుకెళ్ళే నాళాల్లో ఒక రెండు, మెడ ఎముకల సందుల్లోంచే పైకి వెళ్తాయి. మెడ విసురుగా తిప్పితే, అరుదుగానే అయినా, వాటి లోపలి పొర చీలి పక్షవాతం వచ్చిన సందర్భాలున్నాయి. మెడ తిప్పించుకున్నాక ఎన్నడూ లేని నొప్పి, కళ్ళు తిరగడం, మాట తడబడటం, ఒకటి రెండుగా కనిపించడం ఉంటే తైలం రాస్తూ కూర్చోకండి, నేరుగా పెద్దాసుపత్రికి వెళ్ళండి. నడుం విషయంలోనూ అంతే. మూత్రం, మలం వస్తున్నట్టు తెలియకపోయినా, తొడల మధ్య స్పర్శ లేకపోయినా, పాదం వేలాడిపోయినా అది పట్టేయడం కాదు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాల్సిన జబ్బు.

నాకు అవేమీ లేవు. కాబట్టి మంచం ఎక్కలేదు. పొద్దున్నే వేడినీళ్ళ కాపడం, తర్వాత కాలవగట్టు మీద పది నిమిషాల నడక, మళ్ళీ ఓ గంటకి ఇంకో పది నిమిషాలు. లేచిన గంటవరకూ వంగి పని చెయ్యలేదు. రాత్రంతా పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, అప్పుడు వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. ముగ్గు అమ్మే వేసుకుంది. ఐదోరోజుకి నేనే వేశాను.

ఈ నడకల్లోనే మా కొబ్బరితోటలో దింపు, అంటే చెట్టెక్కి కాయలు కోయడం, జరుగుతుంటే బాబాయ్ కనిపించాడు. మా చిన్నప్పటినుంచీ మా చెట్లు దింపేది ఆయనే. యాభై దాటాయి. కిందనుంచి కెమెరా పెట్టాను చూడండి, ఆ కాలు పెట్టడంలో తొందర లేదు. ఒక అడుగు, నిలదొక్కుకోవడం, ఇంకో అడుగు. దిగాక కొబ్బరి బొండం కొట్టిచ్చి, "ఏంటమ్మా, అమెరికాలో పరిగెడతావంట, సంచీ ఎత్తితే పట్టేసిందా?" అన్నాడు. మీకెప్పుడూ పట్టెయ్యదా బాబాయ్ అంటే ఆయన చెప్పిన మాట ఉన్నదున్నట్టు వినిపిస్తున్నాను.

"ఎందుకు పట్టదమ్మా. జొరమొచ్చి వారం మానేశాననుకో, మళ్ళీ వచ్చిన రోజు పెద్ద చెట్టు ముట్టుకోనండి. నాలుగు చిన్న చెట్లు, ఇంటికెళ్ళిపోవడమే. మర్నాడు ఎనిమిది. ఒళ్ళు మర్చిపోద్దమ్మా, మళ్ళీ గుర్తుచెయ్యాలి."

నేను హాఫ్ మారథాన్‌కి తయారయ్యేటప్పుడు డబ్బిచ్చి కోచ్ దగ్గర నేర్చుకున్నది అచ్చంగా ఇదేనండి. పరుగు మొదలుపెట్టిన మూడు నాలుగు వారాలకి కండరం బలపడుతుంది, దమ్ము వస్తుంది. అప్పుడు మనకి ధైర్యం వచ్చేసి దూరం రెట్టింపు చేస్తాం. కానీ కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే తాళ్ళలాంటివి ఉంటాయి, మడమ వెనక తడిమితే గట్టిగా తగులుతుందే, అలాంటివి. వాటికి రక్తం తక్కువ అందుతుంది, బలపడటానికి నెలలు పడతాయి. కండరం సరే అంటుంది, తాడు వద్దంటుంది. దెబ్బలు తగిలేది ఆ సందులోనే. వాలీబాల్ ఆడే కుర్రాళ్ళు, జనవరి ఒకటిన జిమ్ములో చేరేవాళ్ళు, ఏడాదంతా కుర్చీలో కూర్చుని పండక్కి వచ్చి కబడ్డీ బరిలో దిగేవాళ్ళు, అందరిదీ ఇదే కథ.

మోకాళ్ళ సంగతీ అడిగాను. అరిగిపోతాయని బాబాయ్‌కి భయం లేదు. మనం "గుజ్జు అరిగిపోయింది" అంటాం కదా, ఆ గుజ్జుకి రక్తనాళాలు ఉండవు. నడిచినప్పుడు నొక్కుకుని, వదిలినప్పుడు కీలులోని ద్రవాన్ని పీల్చుకుని, అలా తిండి తింటుంది. కదలకుండా కాపాడితే పస్తు పెట్టినట్టే. దాన్ని నిజంగా నలిపేవి పాత దెబ్బలు, ఒంటి బరువు. ఒక కిలో తగ్గితే మోకాలి మీద అడుగడుగుకీ నాలుగు కిలోల భారం తగ్గుతుందని లెక్క. అమ్మకి ఇప్పుడు రోజూ కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా పదిసార్లు లేచి కూర్చోవడం అలవాటు చేశాను. అటక మీద డబ్బా తానే తీసుకుంది మొన్న.

ఇలా చెప్తున్నానని బాబాయ్ పని ఆరోగ్యమని అనుకోకండి. చెట్టుమీంచి పడితే ఎంత తెలివైన ఒళ్ళయినా కాపాడలేదు. పక్కనే నేలలో పాతిన గునపం మీద కొబ్బరికాయలు ఒలిచే వాళ్ళని చూశాను. వంగడం, మెలి తిప్పడం, వంగడం, పొద్దుగూకేదాకా. వాళ్ళ నడుం నొప్పికి వ్యాయామం నేర్పే ముందు రోజుకి ఇన్ని కాయలే అని తగ్గించగలిగితే కదా. ఆ మాట ఎవరితో అనాలో నాకు తెలియలేదు. బాబాయ్ కొడుకు చెట్టెక్కడు, వైరింగ్ పని చేస్తాడు. అదే బాగుందని ఆయనే అన్నాడు.

ఇక మా మేనల్లుడు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. ఈసారి కనుమకి ప్రభ మోస్తానని మొక్కుకున్నాడు. తెలియనివాళ్ళ కోసం, ప్రభ అంటే ఎత్తుగా కట్టి అలంకరించి, దేవుణ్ణి పెట్టి భుజాల మీద మోసుకెళ్ళేది. మా గంగలకుర్రు ప్రభలు జగ్గన్నతోట తీర్థానికి వెళ్తాయి. చుట్టుపక్కల 11 ఊళ్ళ నుంచి 11 మంది రుద్రులు, అంటే ఆ ఊళ్ళ శివుళ్ళు, అక్కడ కలుస్తారు. మా ప్రభ రోడ్డు మీద పోదు, పచ్చటి చేలలోంచి, ఎగువ కౌశిక కాలవ దాటుకుని వెళ్తుంది. బురదలో, నీళ్ళలో, భుజం మీద అంత బరువుతో.

"అత్తా, పది రోజుల్లో తయారైపోతాను" అన్నాడు. పది రోజుల్లో భుజం తయారవదు రా, పది రోజుల్లో అలవాటు మాత్రం అవుతుంది అన్నాను. బాబాయ్ చెప్పిన చిన్న చెట్ల లెక్కే పెట్టుకున్నాం. మొదటిరోజు పది కిలోల బియ్యం సంచి భుజాన వేసుకుని గట్టు మీద వంద అడుగులు, భుజం మార్చి ఇంకో వంద. రోజు విడిచి రోజు. సంచి పెరిగితే దూరం తగ్గించాం. మధ్య రోజుల్లో గుంజీళ్ళు, మెట్టు మీద మడమలు ఎత్తి దించడం. పాతిక కిలోల దాకా వచ్చాడు. ఓ సాయంత్రం భుజం ముందువైపు సలుపు అన్నాడు, రెండ్రోజులు సంచి ముట్టనివ్వలేదు. ఆఖరికి ఒప్పందం: చేలో గట్టి నేల మీద మాత్రం భుజం పెడతాడు, కాలవలోకి దిగేముందు వదిలేస్తాడు. మొహం చిన్నబుచ్చుకున్నాడు, అయినా ఒప్పుకున్నాడు.

కనుమనాడు తీసిందే ఈ చివరి భాగం. అశ్శరభ శరభ అని కేకలు, ప్రభ గంటలు, చేను మధ్యలో మావాడు, భుజం మీద మడతపెట్టిన తువ్వాలు. ఎడమ భుజం నుంచి కుడికి రెండుసార్లు మార్చుకున్నాడు, లెక్కపెట్టాను. కాలవ దగ్గరకొచ్చేసరికి నావైపు ఒకసారి చూసి, పక్కకి తప్పుకున్నాడు. వాడు వదిలిన చోట భుజం పెట్టి నీళ్ళలోకి దిగిన మనిషిని చూడండి. తెల్ల తలపాగా, తొందర లేని అడుగు. మా దింపు బాబాయ్.