ప్లానింగ్ సెక్రటరీగా కొత్తగా చేరారా? ఒక ఫైలు పట్టుకుని సైట్‌కి వెళ్దాం రండి

నమస్కారం అండీ. వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీగా కొత్తగా చేరినవాళ్లూ, ఆ ఉద్యోగం కోసం చదువుతున్నవాళ్లూ నన్ను తరచూ అడిగేది ఒకటే. "రోజూ అసలు ఏం చేయాలండీ? రూల్సు చదివాం గానీ ఫైలు చేతికొస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు" అంటారు. అందుకే ఈ వీడియోలో స్లైడ్లు ఏమీ పెట్టలేదు. నా ముందు ఒక డాక్యుమెంటు జిరాక్సు, ఒక ప్లాను, ఒక టేపు ఉన్నాయి. గుంటూరు గోరంట్ల వైపు ఒక ప్లాటు అనుకుందాం. నేర్చుకోవడానికి అల్లుకున్న ఉదాహరణే, ఎవరి ఫైలూ కాదు.

ముందు రెండు ముక్కల్లో నేపథ్యం చెప్పేస్తాను. వార్డు సచివాలయాలు 2019 అక్టోబరు 2న మొదలయ్యాయి. ఒక్కో సచివాలయం కిందకి సుమారు 4 వేల జనాభా వచ్చేలా అప్పట్లో విభజించారు. టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో అన్నిటికంటే కింది మెట్టు మనది. పైన బిల్డింగ్ ఓవర్సీర్, టీపీఎస్ (టౌన్ ప్లానింగ్ సూపర్‌వైజర్), ఏసీపీ (అసిస్టెంట్ సిటీ ప్లానర్), సిటీ ప్లానర్ ఉంటారు. సివిల్ డిప్లొమాతో కూడా ఈ ఉద్యోగంలోకి రావచ్చు. ప్లానింగే చదవాలనుకునేవాళ్లకి విజయవాడలోనే స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది, 2008 నుంచి నడుస్తోంది. "ఇంతోటి ఇంటి ప్లానుకి ప్రభుత్వమెందుకు" అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూలు తెరిచి చూడండి. పట్టణ సంస్థలకి అప్పగించిన 18 అంశాల్లో మొదటిది టౌన్ ప్లానింగ్, రెండోది భూ వినియోగం, భవన నిర్మాణాల నియంత్రణ. తాగునీళ్ల పేరు కూడా ఆ తర్వాతే వస్తుంది.

మన చేతిలో ఉండే రూల్సు 2017 నాటి ఏపీ బిల్డింగ్ రూల్స్, జీవో నంబరు 119. వాటికి సవరణలు వస్తూనే ఉంటాయి కాబట్టి సెట్‌బ్యాక్ టేబుల్, అంటే ఇంటి చుట్టూ ఎంత ఖాళీ వదలాలో చెప్పే పట్టిక, బట్టీ పట్టకండి. తాజా సవరణలతో సహా ఫోన్‌లో దాచుకోండి. వీడియోలో విన్నాం కదా అని ఎక్కడా కొలత రాయొద్దు, నా వీడియో అయినా సరే.

సరే, ఫైల్లోకి వద్దాం. 200 గజాల ప్లాటు. తూర్పు పడమరలు 36 అడుగులు, ఉత్తర దక్షిణాలు 50 అడుగులు. తూర్పున రోడ్డు. ఎల్‌టీపీ, అంటే లైసెన్స్ ఉన్న టెక్నికల్ పర్సన్, ప్లాను గీసి ఆన్‌లైన్‌లో పెట్టాడు.

కొత్తవాళ్లు చేసే పనేంటంటే, వెంటనే డ్రాయింగ్ తెరుస్తారు. బెడ్‌రూమ్ ఎక్కడుంది, మెట్లు ఎక్కడున్నాయి అని చూస్తూ కూర్చుంటారు. అది తర్వాత. ముందు డాక్యుమెంటు చదవండి, అందులోనూ చివరి పేజీల్లో ఉండే హద్దుల షెడ్యూలు. తూర్పున "30 అడుగుల రోడ్డు" అని రాసుందా, "బాట" అని రాసుందా? లింకు డాక్యుమెంట్లలో కూడా అదే మాట ఉందా? పాత డాక్యుమెంటులో "నడక దారి" అని ఉన్నది, రెండు చేతులు మారేసరికి "30 అడుగుల రోడ్డు" అయిపోతుంది. మధ్యలో రోడ్డు ఎవరూ వేయలేదు, రాతలో మాత్రం పడిపోయింది. ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపించే సర్టిఫికెట్, చూడండి. 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, ఆ సర్వే నంబరు ఉందేమో చూడండి.

గుంటూరులో ఇంకో చిక్కు ఉంది. 2012లో చుట్టుపక్కల పది గ్రామాలు కార్పొరేషన్‌లో కలిశాయి. గోరంట్ల, నల్లపాడు, పెదపలకలూరు, అడవితక్కెళ్లపాడు, ఏటుకూరు ఇవన్నీ అలా వచ్చినవే. కాబట్టి అక్కడ పంచాయతీ రోజుల లేఅవుట్లు చాలా కనిపిస్తాయి. సర్పంచ్ సంతకం, స్టాంపు ఉంటాయి గానీ టౌన్ ప్లానింగ్ టెక్నికల్ అప్రూవల్ ఉండదు. యజమాని మాత్రం "అప్రూవ్డ్ లేఅవుటే అండీ" అని నమ్మకంగా చెబుతాడు. ఆయన అబద్ధమాడట్లేదు, ఆయనకి అమ్మినవాడు అలాగే చెప్పాడు. అనుమతి ఉన్న లేఅవుట్ అయితే కనీసం 10 శాతం స్థలం పార్కుకీ, ఉమ్మడి అవసరాలకీ వదిలి ఉంటారు. వదలని చోట ప్లాటు యజమాని దగ్గర స్థలం విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీలు కట్టించుకుంటారు. ఇది మొదటి రోజే ఆయనకి చెప్పేయండి. చివర్లో ఫీజు లెటర్ చూసి గుండె ఆగినంత పని అయ్యేకంటే అదే నయం.

ఇక కొలతల భాష. జనం గజాల్లో మాట్లాడతారు, రైతులు సెంట్లలో మాట్లాడతారు, సాఫ్ట్‌వేర్‌కి చదరపు మీటర్లు తప్ప ఏదీ అర్థం కాదు. ఒక గజం 0.8361 చదరపు మీటరు. మన 200 గజాలు 167 చదరపు మీటర్ల చిల్లర. "నాలుగు సెంట్లు అంటే 200 గజాలే కదా" అంటారు. కాదు. సెంటుకి 48.4 గజాల చొప్పున 193.6 గజాలు, అంటే 162 చదరపు మీటర్లకి కొంచెం తక్కువ. సెట్‌బ్యాకులు స్థలం విస్తీర్ణం శ్లాబుల ప్రకారం మారతాయి కాబట్టి, ఈ ఆరు గజాల తేడాతో ఫైలు ఒక్కోసారి ఒక వరసలోంచి ఇంకో వరసలోకి పోతుంది.

మాస్టర్ ప్లాన్ మ్యాపులో మన సర్వే నంబరు ఏ రంగులో ఉందో చూసుకోండి. పసుపు నివాసం, నీలం వాణిజ్యం, ఊదా పరిశ్రమలు, ఎరుపు ప్రభుత్వ, ప్రజా సంస్థలు. పసుపు కనబడగానే సంబరపడకుండా, ఆ పసుపు మీదుగా ప్రతిపాదిత రోడ్డు గీత ఏదైనా పోతోందేమో జూమ్ చేసి చూడండి.

ఇప్పుడు సైట్‌కి వెళ్దాం. ఈ ఉద్యోగం అసలు ఇక్కడే ఉంది.

వెళ్లేముందు యజమానికీ, ఎల్‌టీపీకీ ఫోన్ చేయండి. ఇద్దరూ ఉండాలి. టేపు మీ సొంతది తీసుకెళ్లండి, 30 మీటర్లది. అక్కడివాళ్లిచ్చే టేపుకి మొదటి అడుగు తెగిపోయి ఉంటుంది, ఆ సంగతి ఎవరూ చెప్పరు.

నాలుగు వైపులా కొలిచారు. 36, 50, 36, 50. సరిపోయింది కదా అని కాగితం మడవకండి. మూల నుంచి మూలకి కూడా కొలవండి. 36, 50 అడుగుల ప్లాటు నిజంగా దీర్ఘచతురస్రంగా మూల మట్టానికి ఉంటే రెండు ఐమూలలూ 61 అడుగుల 7 అంగుళాలు రావాలి. ఒకటి 60, ఇంకోటి 63 వచ్చిందనుకోండి, ప్లాటు ఒరిగి ఉంది. భుజాలు సరిపోయినా విస్తీర్ణం తగ్గుతుంది, పక్కవాళ్ల హద్దుతో గొడవ కూడా ఉండి ఉండొచ్చు. ఎల్‌టీపీ మాత్రం కంప్యూటర్‌లో చక్కటి దీర్ఘచతురస్రం గీసి పెట్టి ఉంటాడు.

తర్వాత రోడ్డు. ఒక్క చోట కాదు, మూడు చోట్ల కొలవండి. లేఅవుట్ కాగితంలో 30 అడుగులు, ఇక్కడ టేపు 24 చూపిస్తోంది. ఇలాంటి చోట చాలామంది ఒక్క వాక్యం రాసేస్తారు: "రోడ్డు వెడల్పు తక్కువ, దరఖాస్తుదారు స్థలం వదలాలి." ఆగండి. ఆ ఆరు అడుగులు ఎక్కడికి పోయాయి?

రెండు రకాలుగా పోతాయి. మొదటిది, లేఅవుట్ వేసినవాడే నేల మీద 24 అడుగులు వదిలి, కాగితం మీద 30 చూపించాడు. అప్పుడు వీధి మొత్తం ఆ చివర నుంచి ఈ చివర దాకా 24 ఉంటుంది. రెండోది, రోడ్డు 30 అడుగులే గానీ ఎదురింటివాళ్లు అరుగు కట్టారు, కారు ర్యాంపు పోశారు, ఆ ముందు పూలకుండీలకి గోడ లేపారు. అప్పుడు ఖాళీ ప్లాట్ల దగ్గర 30 వస్తుంది, ఆ ఇంటి ముందు మాత్రం 24 వస్తుంది. కరెంటు స్తంభాలు ఒకే వరసలో ఉన్నాయా, కాంపౌండ్ గోడలు ఏ వరసలో ఉన్నాయి, సర్వే రాయి ఏమైనా మిగిలిందా చూడండి. ఎదురింటి ర్యాంపు తినేసిన రోడ్డుని, అనుమతి కోసం వచ్చిన మనిషి స్థలంలోంచి పూడ్చడం అన్యాయం. నా లెక్కలో ఈ ఉద్యోగంలో జరిగే పెద్ద అన్యాయాల్లో ఇదొకటి, పైగా ఎవరికీ కనబడదు.

మొదటి రకమే అనుకుందాం. రోడ్డు నడిమధ్య నుంచి 15 అడుగులు లెక్క పెట్టాలి. ఇప్పుడు ఉన్నది 12, కాబట్టి ఇటు 3 అడుగులు వదలాలి, ఎదుటివాళ్లు కట్టుకున్నప్పుడు వాళ్లు 3 వదులుతారు. మన ప్లాటుకి రోడ్డు వైపు 50 అడుగులుంది. 3 ఇంటూ 50, నూట యాభై చదరపు అడుగులు, అంటే సుమారు 17 గజాలు. గోరంట్లలో 17 గజాలంటే చిన్న మాట కాదు. స్థలం యజమాని, ఆ పెద్దాయన, ఊరుకోడు.

"ఏమ్మా, నా స్థలం నేను డబ్బు పోసి కొనుక్కుంటే, అందులో పదిహేడు గజాలు మీకు రాసివ్వాలా?"

"మాకు కాదు బాబాయ్ గారూ, రోడ్డుకి. రండి, చూపిస్తాను." ఇలా అని సున్నం తెప్పించి, రోడ్డు మధ్య గీత, 15 అడుగుల గీత గీయండి. "రేపు ఇంట్లో ఎవరికైనా బాగోలేదనుకోండి, అంబులెన్సు లోపలికి రావాలి, ఎదురుగా ఇంకో కారు ఆగి ఉంటుంది. ఈ మూడడుగులు లేకపోతే ఎక్కడ తిరుగుతుంది?"

"మరి ఎదురింటోళ్లు వదలకుండా కట్టేశారుగా?"

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. "వాళ్లు పాత ఇల్లు తీసి కట్టినప్పుడు వాళ్లూ వదలాల్సిందే" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. వదిలిన భాగానికి బదులు సెట్‌బ్యాకుల్లో సడలింపు గానీ టీడీఆర్ (బదిలీ చేసుకోగల నిర్మాణ హక్కు) గానీ రూల్సులో ఉంది, ఏది వర్తిస్తుందో పైవాళ్లని అడిగి చెబుతాననండి. మీరు నిలబెట్టుకోలేని హామీలు అక్కడే ఇచ్చేయొద్దు. పెద్దాయన కోపం చాలావరకు సున్నం గీత చూశాక తగ్గుతుంది. కాగితం మీద 17 గజాలు పెద్దగా కనిపిస్తుంది, నేల మీద మూడడుగులు అంత అనిపించదు.

కాస్త పక్కకెళ్తే, గుంటూరు బ్రాడీపేటలో ఎప్పుడైనా తిరిగారా? లైన్లు ఒక వైపు, అడ్డరోడ్లు ఒక వైపు. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అంటే కొత్తవాడు కూడా ఇల్లు పట్టేస్తాడు. వీధి ముందు, ఇల్లు తర్వాత అనుకుని గీసిన పేట అది. ఇప్పుడు మనం ఒక్కో ఫైలుకి మూడడుగుల కోసం బతిమాలుకుంటున్నాం.

నీళ్లు. సైట్ దగ్గర కాలువ గానీ వాగు గానీ ఉందేమో అడగండి. యజమానిని కాదు, వీధి చివర టీ బడ్డీ ఆయన్ని అడగండి. 2017 రూల్స్ ప్రకారం 10 మీటర్ల కంటే వెడల్పున్న వాగు, కాలువ, నాలా అయితే హద్దు నుంచి 9 మీటర్లు, 10 మీటర్ల లోపుదైతే 2 మీటర్లు వదలాలి. చెరువుల లెక్క వేరే, 10 హెక్టార్లు దాటిన చెరువుకి పూర్తి నీటి మట్టం గీత నుంచి 30 మీటర్లు. ఇక్కడ కొలత వాగు హద్దు నుంచి మొదలవ్వాలి, ఇవాళ నీళ్లు పారుతున్న సన్నటి పాయ నుంచి కాదు. గుంటూరులో పీకలవాగు పక్కన నిలబడితే ఏది హద్దో కంటికి తెలియదు. చెత్త, మట్టి పోసి ఒడ్డు లోపలికి జరిగిపోయి ఉంటుంది. సర్వేయర్ని పిలిచి, ఎఫ్‌ఎంబీ (సర్వే నంబర్ల హద్దులు, కొలతలు ఉండే రికార్డు) కొలతలతో హద్దు పెట్టించండి. ఆలస్యం అవుతుందని యజమాని విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం వైపు జనం మేడల మీద రోజుల తరబడి కూర్చున్నారు. బుడమేరుకి గండ్లు పడటం ఒక కారణమైతే, నీళ్లకి పోయే దారి లేకుండా ఇరుకైపోవడం ఇంకో కారణం.

అనుమతి వచ్చేసిందనుకోండి. పని అయిపోయిందని ఫైలు పక్కన పడేస్తారు చాలామంది. నేనైతే సగమే అయిందంటాను. స్తంభాలకి మార్కింగ్ ఇచ్చే రోజు మళ్లీ వెళ్లండి. ఆ రోజు సెట్‌బ్యాక్ అడుగు తగ్గిందంటే, మేస్త్రీ తాడు జరిపితే చాలు, ఖర్చు సున్నా. పునాది లేచాక చెబితే గొడవ. స్లాబు పడ్డాక వెళ్తే నోటీసు ఇవ్వాలి, ఆయన సమాధానం రాయాలి, కోర్టుకి వెళ్తాడు, ఏళ్లు పడుతుంది. ఆ స్లాబు మాత్రం అక్కడే ఉంటుంది. స్టిల్ట్‌లో, అంటే స్తంభాల మధ్య ఖాళీగా వదిలిన కింది అంతస్తులో, పార్కింగ్ అని చూపించి, చుట్టూ గోడ కట్టి షట్టరు పెట్టేవాళ్లు కూడా ఉంటారు. ఇటుకలు దిగిన రోజే కనిపెట్టాలి.

కార్పొరేషన్‌లో అక్రమ నిర్మాణానికి 1955 మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం సెక్షన్ 452 కింద నోటీసు ఇస్తారు, ఆ తర్వాత 636 కింద ఉత్తర్వు. యజమాని తీసుకోకపోతే గోడకి అంటించి, తేదీ, లొకేషన్ పడేలా ఫొటో తీయండి. ఫిర్యాదు చేసిన పక్కింటివాళ్ల పేరు మాత్రం ఎవరడిగినా బయటపెట్టొద్దు. ఫోన్లు వస్తాయి, "మనవాడే, కాస్త చూడమ్మా" అని. "చూస్తానండీ" అనండి, కొలిచింది కొలిచినట్టు రాయండి. కొత్తలో టెన్షన్ పడతారు, తర్వాత ఆ ఫోన్లే తగ్గిపోతాయి.

చివరిగా సైట్ రిపోర్టు. "సైట్ పరిశీలించడమైనది, సంతృప్తికరంగా ఉన్నది" అని రాస్తే పైన ఏసీపీకి ఒరిగేదేమీ లేదు. ఇలా రాయండి:

"స్థలం నాలుగు వైపులా కొలతలు డాక్యుమెంటుతో సరిపోయినవి. ఐమూలలు రెండూ 61 అడుగుల 7 అంగుళాలు. తూర్పు రోడ్డు మూడు చోట్ల 24 అడుగులు, వీధి మొత్తం ఒకే వెడల్పు, ఆక్రమణ లేదు. రోడ్డు మధ్య నుంచి 15 అడుగులకు గాను తూర్పున 3 అడుగులు వదలవలసి ఉన్నది. లేఅవుట్‌కు టెక్నికల్ అనుమతి లేదు, ఓపెన్ స్పేస్ చార్జీలు వర్తిస్తాయి. సమీపంలో వాగు, కాలువ లేవు. పని మొదలు కాలేదు. ఫొటోలు నాలుగు జతపరచడమైనది."

ఇది కాపీ చేసి అంకెలు మార్చి వాడకండి, ఎవరి సైట్‌కి వాళ్లు రాసుకోండి. అపార్ట్‌మెంట్ ఫైలు, అందులో 10 శాతం భాగాన్ని కార్పొరేషన్‌కి మార్ట్‌గేజ్ చేయడం, ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) సంగతులు వచ్చే వీడియోలో చూద్దాం.