చారు కాని సలాడ్

నమస్కారమండీ. ఈ పూట వంట గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నెల్లూరు మనిషిని పిలిచి వంట సంగతి చెప్పమంటే చేపల పులుసు గురించే చెబుతుందని అనుకునుంటారు. పులుసు గురించి నేను కొత్తగా చెప్పేదేముంది, వింటున్న వాళ్ళలో సగం మంది నాకంటే బాగా పెడతారు. అందుకని పొయ్యి దగ్గర పెద్దగా పని లేనిది ఒకటి తెచ్చాను, సీజర్ సలాడ్. అదీ టమాటా వేసి. అందులో టమాటా వెయ్యకూడదనే వాళ్ళు ఉన్నారు, ఆ తగాదా కాసేపాగి తేల్చుకుందాం.

ముందు నాకు జరిగిన అవమానం చెప్పేస్తాను, ఓ పనైపోతుంది. మా అమ్మాయికి బెంగుళూరులో ఉద్యోగం. పోయిన సంక్రాంతికి ఇంటికొచ్చి, మూడు రోజులు వరసపెట్టి అరిసెలూ మాంసం కూరా తిన్నాక, నాలుగో రోజు పొద్దున్నే "అమ్మా, ఇంక నావల్ల కాదు, ఇవాళ సలాడ్ చేసుకుందాం" అంది. సరేనని సూపర్‌మార్కెట్‌కి పోయి ఆ ఆకేదో తెచ్చి, కడిగి, తరిగి, మంచి ఎర్రటి నాటు టమాటాలు నాలుగు కోసి వేసి, సీసాలో దొరికే డ్రెస్సింగ్, అదే సలాడ్‌లో కలిపే చిక్కటి సాస్, సగం దాకా ఒంపి, వేయించిన రొట్టె ముక్కలు కూడా కలిపేసి, అందరూ స్నానాలు చేసి వచ్చేదాకా మూతపెట్టి ఉంచాను. మూత తీస్తే గిన్నె అడుగున రెండు గరిటెల నీళ్ళు. పైన ఆకు వడిలిపోయి ఉంది, రొట్టె ముక్క ముట్టుకుంటే పాలల్లో నానినట్టు చితికిపోతోంది. మా అత్తయ్య గరిటె పెట్టి అటూ ఇటూ కదిపి చూసి, "ఇంకేముందమ్మా, కాస్త తాలింపు పెట్టు, చారవుతుంది" అన్నారు.

నాకు కోపం వచ్చింది కానీ ఆవిడన్న మాటలో అబద్ధం లేదు. నేను చేసిన తప్పేంటో ఆ సాయంత్రం మైపాడు బీచికి పోయినప్పుడు తెలిసింది. అక్కడ బొరుగుల మసాలా బండి ఉంటుంది కదా, ఆ బండాయన ఉల్లిపాయ ఒక డబ్బాలో, టమాటా ఒక డబ్బాలో, బొరుగులు గోతంలో, నిమ్మకాయలు పక్కన, దేనికది విడిగా పెట్టుకుంటాడు. మనం పోయి "ఒకటి ఇవ్వన్నా" అన్నాకే అన్నీ ఒక గిన్నెలో వేసి టకటకా కలిపి పొట్లం కట్టి చేతిలో పెడతాడు. ముందే పది పొట్లాలు కలిపి పెట్టుకుంటే ఎవరు కొంటారు, పావుగంటకే మెత్తగా ముద్దయిపోవూ! సలాడ్‌దీ అదే దారి. దాని చిక్కంతా తడితోనే. ఆకుకి అంటిన నీళ్ళు, టమాటాలో ఉన్న నీళ్ళు, సరిగా వేగని రొట్టెలో మిగిలిన చెమ్మ, ఈ మూడూ చూసుకున్నారంటే మిగతాది పిల్లలు కూడా చేసేస్తారు.

ఇంతకీ ఈ సీజర్ ఎవరనుకున్నారు? రోము చక్రవర్తి కాదు. సీజర్ కార్డీనీ అని ఇటలీ నుంచి వచ్చిన ఒక హోటలాయన. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మందు అమ్మడం నిషేధం. అందుకని అక్కడి వాళ్ళు సరిహద్దు దాటి మెక్సికోలోని టిహువానా ఊరికి పోయి తాగేవాళ్ళు, ఆ జనం కోసం ఈయన అక్కడ హోటల్ నడిపేవాడు. 1924 జూలై 4న, అంటే అమెరికా వాళ్ళ స్వాతంత్ర్య దినం నాడు, జనం విరగబడి వచ్చేసరికి వంటింట్లో సరుకు అయిపోయిందనీ, మిగిలిన ఆకు, రొట్టె, గుడ్లు, చీజ్, నూనె పట్టుకొచ్చి జనం ముందే టేబుల్ దగ్గర నిలబడి కలిపి పెట్టాడనీ ఆయన కూతురు చెప్పేది. తర్వాత్తర్వాత నేను కనిపెట్టానంటే నేను కనిపెట్టానని ఆయన తమ్ముడితో సహా చాలామంది బయల్దేరారు, అది వేరే సంగతి. అమెరికాలో టీవీ వంటల కార్యక్రమాలతో పెద్ద పేరు తెచ్చుకున్న జూలియా చైల్డ్ చిన్నపిల్లగా ఉన్నప్పుడు అమ్మానాన్నలతో ఆ హోటల్‌కి వెళ్ళిందట, ఆయన గుడ్లు రెండు పగలగొట్టి ఆకు మీద వేసి కలుపుతుంటే చూసింది ఆవిడకి పెద్దయ్యాక కూడా గుర్తుండిపోయింది. అప్పట్లో ఆకుని తరిగేవాళ్ళు కాదు, పొడుగాకు పొడుగాకుగానే ఇస్తే కాడ పట్టుకుని చేత్తో తినేవాళ్ళు. ఫోర్కులు గీర్కులు తర్వాత వచ్చినవే.

ఉన్నదాంతో సర్దుకుని పుట్టిన వంట కాబట్టి, టమాటా వేస్తే ఏదో అపచారం జరిగిపోయినట్టు నేను అనుకోను. ఆయన చేసినదాంట్లో టమాటా లేదు, నిజమే. మనింట్లో ఉంది, వేసుకుంటాం. కాకపోతే దాని నీళ్ళు దించి వెయ్యాలి.

ఎలాగంటే, నలుగురికి పావుకిలో టమాటాలు చాలు. బాగా పండి ఎర్రగా ఉండాలి కానీ వేలితో నొక్కితే గట్టిగా ఆనాలి. హైబ్రిడ్‌వి, ఆ కోలగా ఉండేవి, కొయ్యడానికి బాగుంటాయి కానీ రుచి ఉండదు, తోలు నోటికి అడ్డం పడుతుంది. నాటువి రుచి, పులుపు, అన్నీ ఉంటాయి, ఆ రసమే మన కొంప ముంచేది. నేనైతే నాటువే తీసుకుంటాను. వాటిని ఫ్రిజ్‌లో పెట్టకండి, చల్లదనానికి టమాటా వాసన చచ్చిపోతుంది. అడ్డంగా రెండు చెక్కలు కోసి, గింజలున్న గదుల్లోకి వేలు పెట్టి ఆ గుజ్జంతా ఒక గిన్నెలోకి తీసెయ్యండి. మిగిలిన కండని ముక్కలు చేసి, అర చెంచా ఉప్పు చల్లి, జల్లి గిన్నెలో వేసి కింద పళ్ళెం పెట్టి పదిహేను నిమిషాలు వదిలెయ్యండి. ఉప్పు నీళ్ళని బయటికి లాగేస్తుంది, పళ్ళెంలోకి చుక్కచుక్కగా దిగుతుంటాయి చూడండి, లేత గులాబీ రంగులో. ఆ నీళ్ళు దిగాల్సింది పళ్ళెంలోకి, మన సలాడ్‌లోకి కాదు. గింజల గుజ్జూ ఆ నీళ్ళూ పారబొయ్యకండి, పప్పులో పోసుకోవచ్చు. టమాటా కిలో వందా నూటయాభై పలికిన 2023 జూలై గుర్తుంటే ఎవరికీ పారబొయ్య బుద్ధెయ్యదు.

ఇక ఆకు. సీజర్ సలాడ్‌కి రొమైన్ లెట్యూస్ అని పొడుగ్గా, మధ్యలో గట్టి ఈనెతో ఉండే ఆకు వాడతారు. ఊటీ, బెంగుళూరు వైపు చల్లటి చోట్ల పండుతుంది. మన దగ్గర పెద్ద సూపర్‌మార్కెట్లలో ఒక్కోరోజు ఉంటుంది, ఒక్కోరోజు ఉండదు. దొరక్కపోతే క్యాబేజీలా గుండ్రంగా ఉండే ఐస్‌బర్గ్ తెచ్చుకోండి, అదీ లేకపోతే లేత క్యాబేజీ లోపలి ఆకులు సన్నగా తరుక్కోండి. పాలకూర మాత్రం వద్దు, డ్రెస్సింగ్ తగలగానే వాలిపోతుంది. ఆకు వడిలినట్టుంటే ఐసు ముక్కలు వేసిన నీళ్ళల్లో పది నిమిషాలు ముంచితే మళ్ళీ లేచి పెళపెళలాడుతుంది. తర్వాత దాన్ని ఆరబెట్టడం ఉంది చూశారూ, అదే అసలు పని. నేను పాత నూలు పంచె ముక్కలో ఆకు మూటకట్టి, మేడ మీదికి పోయి, గిరగిరా తిప్పుతాను. పక్కింటి వాళ్ళు చూసి నవ్వుతారు, నవ్వనివ్వండి. పిట్టగోడ మీద చినుకులు పడ్డట్టు నీళ్ళు చిమ్ముతాయి. ఇరవైసార్లు తిప్పి విప్పి చూస్తే చేతికి తడి తగలకూడదు. తడి ఆకుకి నూనె అంటదండీ, ఎంత పోసినా జారి అడుగుకి పోతుంది, మనమేమో చాల్లేదనుకుని ఇంకా పోస్తాం.

రొట్టెకి నిన్నటి బ్రెడ్డయితే మంచిది. నాలుగు ముక్కలు తీసుకుని వేలెడు వెడల్పున కోసి, దంచిన వెల్లుల్లి రెబ్బ వేసిన నూనె రెండు చెంచాలు పట్టించి, దోసె పెనం మీద సన్నసెగన పది పన్నెండు నిమిషాలు అటూ ఇటూ తిప్పుతూ ఉండాలి. పైన రంగు రాగానే దించేస్తారు అందరూ, లోపల మెత్తగానే ఉంటుంది. ఒకటి కొరికి చూడండి, జంతికలా కరకరలాడాలి. వేడి మీద డబ్బాలో పెట్టి మూత పెట్టారంటే ఆవిరికి మళ్ళీ మెత్తబడతాయి, పళ్ళెంలో వదిలెయ్యండి. మా ఇంట్లో సలాడ్ దాకా సగం మిగిలితే గొప్ప.

డ్రెస్సింగ్ దగ్గరికి వస్తే, ఇక్కడే నాకు ముచ్చటేసింది. మొదట కార్డీనీ చేసినదాంట్లో చేపలు వెయ్యలేదట, వూస్టర్‌షైర్ సాస్ పోశాడు. ఇంగ్లండులో 1837 నుంచి అమ్ముతున్న సాస్ అది, అందులో ఏముంటాయో చూస్తే వెనిగర్, బెల్లపు పాకం లాంటి మొలాసిస్, యాంకోవీ చేపలు, ఇంకా మన చింతపండు! చేపా చింతపండూ కలిసిన రుచి కోసం నెల్లూరు వాళ్ళు సీసా కొనాలా చెప్పండి? ఇప్పుడు చాలామంది నేరుగా యాంకోవీలే వేస్తున్నారు, అవేవో కాదు, మన నెత్తళ్ళ జాతివే. కాకపోతే వాళ్ళు ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి నూనెలో వేస్తారు, మనం ఇసుక మీద ఎండబెడతాం. రెండూ ఒకటే రుచని నేను చెప్పను, మనవాటికి వాసన ఎక్కువ. అందుకే ఎండు నెత్తళ్ళు నాలుగైదు చాలు. తలలు గిల్లేసి, ఇసుక పోయేదాకా రెండు మూడు నీళ్ళల్లో కడిగి, తుడిచి ఆరబెట్టి, చెంచా నూనెలో గోధుమరంగు వచ్చేదాకా వేయించి, రెండు వెల్లుల్లి రెబ్బలతో కలిపి చిన్న రోట్లో మెత్తగా నూరండి. నమలడానికి ముక్క తగలకూడదు, ఏం వేశారో తినేవాళ్ళకి తెలియకూడదు, ఏదో బాగుందే అనిపించాలి, అంతే.

గుడ్డు సంగతి. అసలు పద్ధతిలో ఒక్క నిమిషం వేడినీళ్ళల్లో ఉంచిన గుడ్డు, అంటే పచ్చిదే అనుకోండి, వాడతారు. మన ఎండలకి నాకు ధైర్యం చాలదు. పచ్చి గుడ్డుతో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి వల్ల విరేచనాలు పట్టుకునే ప్రమాదం ఉంది, చిన్నపిల్లలకీ గర్భిణులకీ పెద్దవాళ్ళకీ అసలు పెట్టకూడదు. నేను రెండు గుడ్లు గట్టిగా ఉడకబెట్టి పచ్చసొనలు తీసి, గుడ్డలో గంటసేపు వేలాడదీసిన గడ్డ పెరుగు రెండు చెంచాలతో మెదుపుతాను. అందులో నూరిన నెత్తళ్ళ ముద్ద, చిటికెడు ఆవపిండి, మిరియాల పొడి, ఒక నిమ్మకాయ రసం. నిమ్మకి మనకి కరువా, పొదలకూరు కాయలు ఉండనే ఉన్నాయి.

ఆ తర్వాత నూనె, ఆరు పెద్ద చెంచాలు, బొట్టు బొట్టుగా పోస్తూ ఫోర్కుతో ఆపకుండా గిలక్కొట్టాలి. పచ్చసొనలో లెసిథిన్ అని ఒకటుంటుంది, నూనెనీ నీటినీ విడిపోకుండా పట్టి ఉంచేది అదే, ఆవపిండీ కాస్త సాయం చేస్తుంది. తొందరపడి ధారగా పోస్తే విరిగిపోతుంది. విరిగిందా, టెన్షన్ పడకండి, వేరే గిన్నెలో ఒక చెంచా పెరుగు వేసుకుని ఈ విరిగినదాన్ని కొంచెం కొంచెంగా అందులోకి గిలక్కొట్టుకుంటూ పోతే మళ్ళీ కలుస్తుంది. ఆలివ్ నూనె ఉంటే సరే, లేకపోతే పొద్దుతిరుగుడు నూనె. ఒకసారి నువ్వుల నూనెతో చేశాను. నువ్వుల నూనె, ఆవపిండి, వెల్లుల్లి మూడూ కలిస్తే ఏమవుతుందో మీకు చెప్పాలా, ఇల్లంతా ఆవకాయ వాసన! ఉప్పు మాత్రం ఆఖర్న, నాలిక మీద వేసుకుని చూసి వెయ్యండి, నెత్తళ్ళల్లో ఉంది, చీజ్‌లో ఉంది, టమాటాకీ పట్టించాం.

చీజ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, పార్మెజాన్ అసలుది, దొరికిన గట్టి చీజ్ తురుముకున్నా నడుస్తుంది. శాకాహారులకి ఒక మాట. పార్మెజాన్‌ని దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్‌తో తోడుపెడతారు, వూస్టర్‌షైర్ సాస్‌లో చేప ఉందని చెప్పాను కదా, కాబట్టి ఏది కొన్నా ఆకుపచ్చ చుక్క చూసుకుని కొనండి. గుడ్డూ నెత్తళ్ళూ మానేసి పెరుగు నాలుగు చెంచాలకి పెంచి, అర చెంచా చిక్కటి చింతపండు గుజ్జు, చిటికెడు బెల్లం కలుపుకున్నా బాగుంటుంది, మా అత్తయ్య శనివారాలు అలాగే చేయించుకుంటారు.

కలపడం అందరూ కూర్చున్నాకే. పెద్ద బేసిన్ తీసుకుని, డ్రెస్సింగ్‌ని ఆకు మీద కాకుండా బేసిన్ గోడలకి పూసి, ఆకు వేసి, రెండు చేతులతో కింద నుంచి పైకి ఎగరేస్తూ కలపండి. ఆకు మెరవాలి కానీ మునగకూడదు. చీజ్ సగం అప్పుడే, సగం పైన. టమాటా ముక్కలు ఒకసారి గుడ్డతో అద్ది, ఆఖర్న పైన పరచడమే, కలపొద్దు. రొట్టె ముక్కలు ఆ పైన. పళ్ళాల్లో పెట్టాక ఫోను మోగినా తియ్యకండి.

ఈ మధ్య దసరాకి అమ్మాయి వచ్చినప్పుడు మళ్ళీ చేశాను. గిన్నె అడుగున చుక్క నీళ్ళు లేవు. అత్తయ్య తాలింపు మాట ఎత్తలేదు, ఇంకో రెండు రొట్టె ముక్కలు వేయించమన్నారు. డ్రెస్సింగ్ కాస్త మిగిలింది, ఫ్రిజ్‌లో పెడితే మర్నాటిదాకా ఉంటుందిలే అనుకున్నాను. రాత్రి భోజనాల దగ్గర చూస్తే మా ఆయన దాన్ని వేడన్నంలో కలుపుకుని, పక్కన వేయించిన చేప పెట్టుకుని తింటున్నారు. నేను చూడనట్టే మంచినీళ్ళ కోసం లోపలికి పోయాను.