పాత జెన్‌లో ఎస్టీమ్ ఇంజన్ పెట్టాలా? నడిపి చూశాక నా నిర్ణయం

నమస్తే అండీ. నా వెనకాల కనిపిస్తున్నది 1998 మోడల్ మారుతి జెన్. మా నాన్నగారు కొన్న మొదటి కారు. నేను డ్రైవింగ్ నేర్చుకున్నది కూడా దీని మీదే.

ఈ మధ్య నలుగురం దీన్లో శ్రీశైలం వెళ్లాం. విజయవాడ నుంచి దోర్నాల దాకా హాయిగా వచ్చింది. అక్కడి నుంచి ఘాట్ మొదలయ్యాక బండి అసలు లాగలేదు. ఏసీ కట్టేశాం. సెకండ్ గేర్ నుంచి థర్డ్‌కి మారిస్తే చాలు, చతికిలబడిపోయేది. వెనక బస్సు హారన్ కొడుతుంటే మా అమ్మ "మెల్లగా పోనీ నాన్నా, మనకేం తొందర" అంది. నాకు మాత్రం మనసు కలుక్కుమంది. ఇంటికొచ్చిన రోజే అనుకున్నాను, ఇందులో మారుతి ఎస్టీమ్ కారు 1.3 లీటర్ల ఇంజన్ పెట్టించేద్దామని.

ఎస్టీమే ఎందుకంటే, ఆ రెండూ ఒకే కుటుంబం. జెన్‌ది 993 సీసీ, జీ10బీ అనే ఇంజన్. ఎస్టీమ్‌ది 1298 సీసీ, జీ13బీబీ. రెండూ సుజుకి జీ సిరీసే, రెండూ నాలుగు సిలిండర్లవే. జెన్‌లో బోరు, అంటే సిలిండర్ వెడల్పు, 72 మిల్లీమీటర్లు. స్ట్రోక్, అంటే పిస్టన్ పైకీ కిందకీ కదిలే దూరం, 61. ఎస్టీమ్‌లో బోరు 74, స్ట్రోక్ 75.5. తేడా ఎక్కడుందో చూశారా? బోరు పెద్దగా పెరగలేదు, స్ట్రోకే బాగా పెరిగింది. అందుకే జెన్ ఇంజన్ని పై ఆర్‌పీఎంకి తీసుకెళ్తేనే హుషారుగా ఉంటుంది. ఎస్టీమ్ ఇంజన్ కింద నుంచే లాగుతుంది. పవర్ చూస్తే నా కార్బురేటర్ జెన్ కొత్తలో 50 బీహెచ్‌పీ (హార్స్‌పవర్), ఎంపీఎఫ్ఐ, అంటే కంప్యూటర్ లెక్క ప్రకారం పెట్రోల్ చిమ్మే ఇంజన్ ఉన్న ఎస్టీమ్ 85.

మా ఫ్రెండ్ ఒకడి దగ్గర ఇలా ఇంజన్ మార్చిన జెన్ ఉంది. రోడ్డెక్కించడు. ఊరి బయట వాళ్ల సొంత స్థలంలో మట్టి ట్రాక్ వేసుకుని అక్కడే తిప్పుతాడు. మొన్న ఆదివారం వెళ్లి రెండు గంటలు నడిపాను.

నిజం చెప్తున్నానండీ, దిగబుద్ధి కాలేదు. సెకండ్ గేర్‌లో కాలు పెడితే చాలు, ముందు చక్రాలు మట్టిని చిమ్ముకుంటూ పోతున్నాయి. అంత చిన్న, అంత తేలికైన బాడీలో ఆ ఇంజన్ ఉంటే స్టీరింగ్ పట్టుకున్న చేతికే తెలుస్తుంది. కానీ మూడో రౌండ్ నుంచి ఇంకొకటి కూడా తెలిసింది. ఆపడం కష్టం. వాడు టైర్లు వెడల్పువి వేశాడు, బ్రేకులు మార్చాడు, షాక్ అబ్జార్బర్లు మార్చాడు. అయినా మలుపు ముందు గుండె ఝల్లుమంటోంది. నా కారుకున్నవి 145 సైజు సన్నటి టైర్లు. అవీ, ఆ బ్రేకులూ 50 బీహెచ్‌పీకి సరిపోయేలా ఇచ్చినవి. ఇంజన్ ఒక్కటే మార్చి మా అమ్మని కూర్చోబెట్టుకుని ఘాట్ దిగమంటే నేను దిగను.

బానెట్ ఎత్తితే ఇంకో సంగతి. ఇంజన్ కూర్చోవడం పెద్ద పని కాలేదట. కార్బురేటర్ బండిని ఎంపీఎఫ్ఐ చేయాలంటే ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే ఆ కంప్యూటర్ కావాలి, వైరింగ్ మొత్తం కావాలి, ట్యాంక్ దగ్గర ఎలక్ట్రిక్ పెట్రోల్ పంప్ కావాలి, ఎక్కువ ప్రెషర్ తట్టుకునే లైన్లు కావాలి. వాడికి ఇంజన్ కన్నా వైరింగ్‌కే ఎక్కువ రోజులు పట్టింది.

ఇక కాగితాల సంగతి. దీన్ని తేలిగ్గా తీసుకోకండి, దయచేసి. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం, తయారు చేసిన కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీలో ఉన్న వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళకి సంబంధించిన కేసులో ఇదే స్పష్టంగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉన్నాయి. నా కారుకి పదిహేనేళ్లు ఎప్పుడో దాటాయి. రెన్యువల్‌కి తీసుకెళ్తే ఇంజన్ నంబర్, ఛాసిస్ నంబర్ రెండూ చూస్తారు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ సర్వేయర్ కూడా అదే చూస్తాడు. పైగా పాత ఇంజన్ ఎవరి బండిలోదో, ఎలా బయటికొచ్చిందో కాగితం లేకుండా కొంటే ఆ టెన్షన్ వేరే.

ఇవన్నీ తెలిసినా నా మనసు ఊగుతూనే ఉంది. ఆటోనగర్‌లో మా మెకానిక్ బాబాయ్ దగ్గరికి వెళ్తే ఆయన ఒకటే మాటన్నాడు. "ఒరేయ్ అబ్బాయ్, 50 గుర్రాలు చాలవంటున్నావు సరే, ఇప్పుడు నీ బండిలో 50 ఉన్నాయా? ముందు కంప్రెషన్ చూద్దాం పద."

కంప్రెషన్ అంటే సిలిండర్‌లో పిస్టన్ పైకి వచ్చేటప్పుడు పుట్టే ఒత్తిడి. ఇదిగో, ఆ రోజు తీసిన క్లిప్. ఇంజన్ వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ తీశాడు. ఒత్తిడి కొలిచే గేజ్ బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కించి సెల్ఫ్ కొట్టించాడు. ఒకటో సిలిండర్ 140. రెండోది 135. మూడోది చూడండి, 95. నాలుగోది 130. మూడో దాంట్లో ప్లగ్ రంధ్రం నుంచి చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తే 125కి లేచింది. ఆయిల్ పోస్తే రీడింగ్ పెరిగిందంటే పిస్టన్ రింగుల దగ్గర లీక్ అవుతోందని అర్థం. పెరగకపోతే వాల్వులో, హెడ్ గాస్కెట్టో చూడాలి.

అంటే ఇన్నాళ్లూ నేను మూడు సిలిండర్ల మీద ఘాట్ ఎక్కుతూ, కారు చిన్నదని తిట్టుకున్నాను. ఆ గేజ్ చూసి నిజంగా బాధేసింది.

నా నిర్ణయం అక్కడే అయిపోయింది. ఎస్టీమ్ ఇంజన్ వద్దు. ఇదే ఇంజన్ విప్పి బోరు చేయించి, పిస్టన్లు, రింగులు, బేరింగులు, వాల్వ్ పని, టైమింగ్ బెల్ట్ కొత్తవి వేయిస్తున్నాను. బాబాయ్ చెప్పిన ఖర్చు ఇంజన్ మార్పిడికి అడిగినదాంట్లో సగం కూడా లేదు. ఇంజన్ నంబర్ మారదు కాబట్టి ఆర్‌సీతో పేచీ లేదు.

ట్రాక్ మీద మాత్రమే తిప్పేవాళ్లు, బ్రేకులకీ సస్పెన్షన్‌కీ కూడా డబ్బు పెట్టగలిగినవాళ్లు 1.3 పెట్టుకోండి, చాలా ఆనందంగా ఉంటుంది. ఇంట్లోవాళ్లని ఎక్కించుకుని రోడ్డు మీద తిరిగే బండి అయితే మాత్రం ముందు గేజ్ పెట్టించండి.

బ్లాక్ ఇప్పుడు లేత్ దగ్గరుంది. బిగించాక వెయ్యి కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి, మళ్లీ అదే నలుగురం, అదే దోర్నాల ఘాట్, ఈసారి ఏసీ వేసుకుని ఎక్కుతాం. థర్డ్ గేర్ పడుతుందో లేదో ఆ వీడియోలో చూపిస్తాను.