వరంగల్ ఎండలో తెల్లబడే సీసా

శ్రోతలకు నమస్కారం. ఇంట్లో పసిపిల్లల డైపర్లు ఉంటే, వాడనిది ఒకటి చింపి లోపలి దూదిని కాగితం మీద దులపండి. పంచదార పలుకుల్లాంటి తెల్లని పొడి రాలుతుంది. చెంచాడు గ్లాసులో వేసి నీళ్లు పోస్తే, కాసేపటికి గ్లాసు బోర్లించినా జారని ముద్ద అవుతుంది. దాని మీద ఉప్పు చల్లి కలపండి. ముద్ద వదులై నీళ్లు బయటికి వచ్చేస్తాయి. మిగిలినదాన్ని సింకులో మాత్రం పోయకండి, గొట్టం మూసుకుపోతుంది.

ఆ పొడి సోడియం పాలీఎక్రిలేట్ అనే పాలిమర్, అంటే పొడవాటి అణువుల గొలుసు. ఉత్త గొలుసులైతే నీటిలో కరిగిపోయేవే. పాకాల చెరువులో విసిరే వలకు ముడులు లేకపోతే అది దారాల పోగే కదా! గొలుసులకు అక్కడక్కడ ముడులు పడ్డాయి కాబట్టే అవి కరగలేక ఉబ్బుతాయి. గొలుసుల మీది విద్యుదావేశాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వలను విప్పుతాయి. ఉప్పు ఆ తోపులాటను తగ్గిస్తుంది.

ఇలాంటి వలనే వెంట్రుక మందంలో వందో వంతుకు కుదిస్తే మైక్రోజెల్. పెల్టన్, చిబాంటె అనే శాస్త్రవేత్తలు 1986లో ప్రకటించిన పద్ధతి చూడటానికి వంటలాగే ఉంటుంది. సుమారు 70 డిగ్రీల వేడినీటిలోంచి ఆక్సిజన్‌ను వెళ్లగొట్టి, నైపామ్ అనే ముడిసరుకును, ముడులు వేసే మరో రసాయనాన్ని కొద్దిగా కలుపుతారు. చర్యను మొదలుపెట్టే పొటాషియం పర్‌సల్ఫేట్ పడ్డాక కొద్ది నిమిషాల్లో మైక్రోజెల్ రేణువులు పుట్టి, తేటనీరు పలుచని మజ్జిగలా తెల్లబడుతుంది. ముడిసరుకు ఒంటికి మంచిది కాదు, ఇది ఇంట్లో చేసే వంట కాదు.

ఈ రేణువులకు ఒక పట్టింపు ఉంది. సుమారు 32 డిగ్రీలు దాటితే నీళ్లు వదిలి ముడుచుకుంటాయి, చల్లబడితే మళ్లీ ఉబ్బుతాయి. మే నెలలో వరంగల్‌లో ఈ రేణువులున్న నీటి సీసాను గూట్లో పెడితే పగలంతా తెల్లగానే ఉంటుంది. కుండనీళ్లలో ముంచితే తేటపడుతుంది.

ఇక్కడ చిన్న సైజే బలం. రేణువు సైజు పదో వంతైతే ఉబ్బడానికి పట్టే సమయం వందో వంతవుతుంది. ఉసిరికాయంత జెల్ ముద్దకు రోజులు పట్టే పని మైక్రోజెల్‌కు రెప్పపాటు. అందుకే మందులు మోసే పనికి దీన్ని పరీక్షిస్తున్నారు. ముడుచుకునే ఉష్ణోగ్రతను శరీర వేడికి కాస్త పైకి జరిపి, వేడిచేసిన కణితి దగ్గరే మందును పిండించాలన్నది ఆలోచన. ఇంకా పరిశోధన దశే.

పొలానికి పనికొచ్చేది మాత్రం డైపర్ బంధువే. భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన పూసా హైడ్రోజెల్ అలాంటిదే. మన చెల్కల్లో పడ్డ వాన ఇట్టే ఇంకిపోతుంది. జెల్ దాన్ని వేళ్ల దగ్గర కొంతకాలం పట్టి ఉంచుతుంది, కొత్తగా నీళ్లను పుట్టించదు. ఉప్పదనం ఉన్న బోరునీళ్లలో అయితే సరిగా ఉబ్బదు కూడా. ఎవరైనా ఇలాంటి పొడి అమ్మజూపితే, చిటికెడు మీ బోరునీళ్లలోనే వేసి చూసి, ఆ తర్వాతే డబ్బు తీయండి. నమస్కారం.